రెగ్యులేటరుకు ఎర్ర చీటీ

మంగళవారం ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు దుకాణానికి వెళ్లాలి, రెగ్యులేటరు కొనాలి, పన్నెండున్నరకల్లా ఇంటికి వచ్చి భోజనం చేయాలి. అమ్మాయి దాన్ని ఒక కాగితం మీద కూడా రాసుకుంది. గురువారం పడవలో ఆమె ద్వీపానికి వెళ్లాలి. అక్కడి సముద్ర పరిశోధన కేంద్రంలో నీటి అడుగున పెరిగే గడ్డిని లెక్కపెట్టే ఉద్యోగం వచ్చింది. సిలిండరు, సూటు, ఈత కళ్లద్దాలు కేంద్రం వాళ్లే ఇస్తారు. నోట్లో పెట్టుకుని గాలి పీల్చే రెగ్యులేటరు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

"నేనూ వస్తాను," అంది తల్లి, చెప్పుల్లో కాళ్లు పెడుతూ.

ఆ రెండు మాటలతో పథకం పని అయిపోయింది.

తల్లి ముప్పై ఒక్క ఏళ్లు లిఫ్టుల తనిఖీ శాఖలో పనిచేసి ఎనిమిది నెలల కిందట రిటైరయింది. శాఖలో అందరూ ఆమెను ఇన్‌స్పెక్టరమ్మ అనేవారు. అదే శాఖలో టైపిస్టుగా పనిచేసిన భర్త ఇప్పటికీ అలాగే అంటారు. ఆమె రిటైరయింది గానీ ఆమె చేతిసంచి రిటైరవలేదు. అందులో ఒక టార్చి, చిన్న అద్దం, స్క్రూడ్రైవరు, రెండు కట్టల చీటీలు ఇంకా అలాగే ఉన్నాయి. పచ్చ చీటీ కట్టిన లిఫ్టు ఎక్కవచ్చు. ఎర్ర చీటీ మీద "వాడరాదు, తనిఖీలో ఉంది" అని అచ్చువేసి ఉంటుంది. అడిగినదానికి సరైన జవాబు వచ్చేదాకా ఎర్ర చీటీ కట్టి ఉంచడం ఆమె అలవాటు. పచ్చ చీటీ మీద సంతకం పెట్టే ముందు ఆ లిఫ్టులో తానే మొదట ఎక్కడం ఇంకో అలవాటు. "సంతకం పెట్టే చెయ్యి ముందు లోపల ఉండాలి," అనేది.

"ఏవండీ, మీరూ రాకూడదూ?" అని భర్తను పిలిచింది.

"నేనెందుకోయ్? నాకు ఇక్కడ గాలి బాగానే ఆడుతోంది," అని టైపిస్టు గారు పేపరు తిప్పారు.

దుకాణం ఇరుకుగా ఉంది, కొత్త రబ్బరు వాసన వేస్తోంది. దుకాణదారు ఓపికగల మనిషి. ఆ ఓపిక ఎంతసేపు నిలుస్తుందో అప్పటికి అతనికీ తెలియదు. అమ్మాయి ఇంట్లోనే మనసులో ఒకటి అనుకుని వచ్చింది. తేలికగా, నీలం రంగులో ఉన్నదాన్ని చేతిలోకి తీసుకుంది. తల్లి దాన్ని ఆ చేతిలోంచి తీసుకుంది.

"ఇందులో రెండు భాగాలమ్మగారూ," అన్నాడు దుకాణదారు. "ఈ ఇత్తడి ముక్క సిలిండరు మెడకు బిగుస్తుంది. లోపలి గాలి మహా ఉధృతంగా ఉంటుంది, దాన్ని ఇది తగ్గిస్తుంది. ఈ రెండోది నోట్లో. మనం పీల్చినప్పుడే గాలి ఇస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది."

"పాడైతే?"

"పాడైతే గాలి ఆగిపోదు. ఆగకుండా వస్తూనే ఉంటుంది. అలాగే తయారుచేస్తారు."

ఇన్‌స్పెక్టరమ్మకు ఆ మాట నచ్చింది. కరెంటు పోగానే దానంతటదే బ్రేకు పట్టుకునే లిఫ్టు లాంటిదన్నమాట. "ఎవరో బుద్ధిమంతుడే చేశాడు," అంది. అమ్మాయి ఊపిరి పీల్చుకుంది, కాస్త ముందుగా.

"మరి ఈ పసుపుపచ్చ గొట్టం ఎందుకు?"

"అది అదనం. పక్కవాళ్లకు గాలి అయిపోతే నోటికి అందించడానికి."

"పక్కన ఎవరుంటారు?"

"ఎవరో ఒకరు ఉంటారమ్మగారూ. ఒంటరిగా దిగకూడదు."

"ఎవరో ఒకరు అన్నది జవాబు కాదు," అని ఆమె సంచిలోంచి ఎర్ర చీటీ తీసి నీలం రెగ్యులేటరుకు కట్టేసింది.

రెండోదాన్ని విప్పి చూపించమంది. విప్పితే గ్యారంటీ పోతుందన్నాడు. చీటీ. మూడోదాన్ని ఏడాదికోసారి సర్వీసు చేయించాలన్నాడు. ఎవరు చేస్తారంది. నేనేనన్నాడు. "నీకు ఒంట్లో బాగోకపోతే?" అంది. అతను తన ఆరోగ్యం గురించి మొదటిసారిగా ఆలోచనలో పడ్డాడు. ఆ ఆలోచన తెమిలేలోపు మూడో చీటీ పడింది. పదకొండున్నరకల్లా షెల్ఫులోని ఐదు రెగ్యులేటర్లూ ఎర్ర చీటీలతో వేలాడుతున్నాయి.

అమ్మాయి గడియారం చూసుకుంది. గురువారానికి రెగ్యులేటరు లేకపోతే ఉద్యోగం జాబితాలోని రెండో పేరుకు పోతుంది. ఆ సంగతి తల్లికి తెలుసు. ఆ ఐదు చీటీల్లో ఎన్నిటిని ఆ సంగతి తెలిసే కట్టిందో ఆమె చేతికే తెలియాలి.

సరిగ్గా అప్పుడే ఈత కొలను దగ్గర డైవింగ్ నేర్పే మాస్టారు ఏదో వాషరు కోసం లోపలికి వచ్చారు. వరసగా ఎర్ర చీటీలు. వాటి మీద ప్రభుత్వ ముద్ర. టార్చి వేసి గొట్టం లోపలికి చూస్తున్న ఒక పెద్దావిడ. ఏమిటని అడిగితే తనిఖీ తన దగ్గరే మొదలవుతుందేమోనని ఆయన అడగలేదు. వచ్చిన దారినే వెనక్కి నడిచి, వీధి మలుపులో ఫోను తీశారు. ఆయన తనిఖీ అన్నారు. విన్నవాడు సోదా అన్నాడు. మూడో మనిషి దగ్గరికి వెళ్లేసరికి దానికి ఒక జీపు, ముగ్గురు అధికారులు తోడయ్యారు.

పన్నెండున్నరకు ఊళ్లో డైవింగ్ చేసేవాళ్లంతా దుకాణం బయట వరస కట్టారు. పట్టుబడేకంటే మనమే చూపిస్తే మర్యాదగా ఉంటుందని తలా ఒక రెగ్యులేటరు పట్టుకొచ్చారు. దుకాణదారు కుర్చీ వేశాడు. ఈవిడ కొనడానికి వచ్చినట్టు నటించిన అధికారి అని అతను అప్పటికే తేల్చుకున్నాడు. ఆమె కూర్చుంది. ఎనిమిది నెలలుగా ఆమె ముందు ఎవరూ వరసలో నిలబడలేదు.

"ఈ గొట్టం మడత దగ్గర బీట చూడు. చేత్తో వంచితే కనిపిస్తుంది."

"ఇన్నాళ్లూ చూడలేదండీ," అన్నాడు మాస్టారు పంపిన కుర్రాడు.

"ఈ రబ్బరేమిటి, ఎలుక కొరికినట్టుంది?"

"నేనేనండి కొరికింది," అన్నాడు ఒక లావుపాటి ఆయన. "మొదటిసారి దిగినప్పుడు భయమేసి."

అమ్మాయి వరస దగ్గరికి వెళ్లి, "ఆవిడ అధికారి కాదండీ, మా అమ్మ," అని చెప్పి చూసింది. విన్నవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. "అయితే మాది కాస్త ముందు చూడమని మీరు ఒక మాట చెప్పండమ్మా," అని తమ రెగ్యులేటర్లు ఆమె చేతిలోనే పెట్టారు. ఒంటిగంటకు ఆమె నాలుగు రెగ్యులేటర్లు మోస్తోంది. వాటిలో ఒక్కటీ ఆమెది కాదు.

అప్పుడు పరిశోధన కేంద్రం నుంచి ఫోను వచ్చింది.

"ఊళ్లో పెద్ద తనిఖీ జరుగుతోందట కదమ్మా," అంది అవతలి గొంతు. "ఎందుకైనా మంచిది, ఆ అధికారి చేత పచ్చ చీటీ రాయించుకుని రండి. చీటీ లేని పరికరంతో పడవ ఎక్కవద్దు."

అమ్మాయి నాలుగు రెగ్యులేటర్లనూ బల్ల మీద పెట్టింది. నీలందాన్ని తీసుకొచ్చి తల్లి ఒళ్లో పెట్టింది.

"సంతకం పెట్టు."

"దిగకుండా ఎలా పెడతాను?"

"నువ్వా? చీలమండ దాటి ఎప్పుడైనా నీళ్లలో అడుగు పెట్టావా?"

"అందుకే చెబుతున్నాను, సంతకం పెట్టలేనని."

"అమ్మా, నేను వెళ్లడం నీకు ఇష్టం లేదని సూటిగా చెప్పు. ఈ చీటీలెందుకు?"

ఇన్‌స్పెక్టరమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"వెళ్లొద్దని ఎవరన్నారు? ఏ లిఫ్టయినా తీసుకెళ్లడం తీసుకెళ్తుంది. తిరిగి తెస్తుందా లేదా అని చూడడమే నా ఉద్యోగం," అంది. తరువాత లేచి నిలబడింది. "పద. ఆ కొలను ఎక్కడ?"

కొలను దగ్గర మాస్టారు ఆమెకు ఈత కళ్లద్దాలు, నీలం రెగ్యులేటరు బిగించిన సిలిండరు తగిలిస్తూ, చివరికి ధైర్యం చేసి అడిగారు.

"తమరు ఏ శాఖ నుంచి మేడమ్?"

"లిఫ్టులు. రిటైరయ్యాను."

"మరి ఈ తనిఖీ?"

"తనిఖీ ఏమిటి? మా పిల్లకు కొనడానికి వచ్చాం. వీళ్లంతా ఎందుకు తెచ్చారో నాకేం తెలుసు? తెచ్చారు, చూశాను."

వెంట వచ్చిన దుకాణదారు కొలను గట్టున చతికిలబడ్డాడు. మాస్టారు మాత్రం ఆమె బీట చూపించిన గొట్టం వంక కాసేపు చూశారు. అది ఆయన బడిదే, దానితోనే సాయంత్రం పాఠం ఉంది. "మెట్లు జారుతాయి, జాగ్రత్తమ్మా," అన్నారు. "నోటితో పీల్చండి, నోటితోనే వదలండి. ఊపిరి మాత్రం బిగపట్టొద్దు."

"నిమిషం చాలు," అని ఆమె మాస్టారి చెయ్యి పట్టుకుని దిగింది. ఛాతీ లోతు నీళ్లలో మోకాళ్లు వంచి మునిగింది. బుడగలు వచ్చాయి.

నిమిషం అయింది. మూడయ్యాయి. అమ్మాయి గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. "గొట్టం నోట్లోంచి జారిందేమో," అంది. "బుడగలు వస్తున్నాయి కదమ్మా," అన్నాడు దుకాణదారు. "ఇందాక ఇంకా ఎక్కువ వచ్చాయి," అంది. ఏడు నిమిషాలకు మాస్టారిని తిట్టింది, ఆయనా సిలిండరుతో నీళ్ల అడుగునే ఉన్నారు కాబట్టి వినబడలేదు. తొమ్మిదో నిమిషానికి, వందసార్లు నీళ్లలో దిగిన ఆ పిల్ల, గట్టు మీది ఈత కళ్లద్దాలు తగిలించుకుని ఒంటిమీది బట్టలతోనే దూకేసింది.

అడుగున ఇన్‌స్పెక్టరమ్మ నింపాదిగా కూర్చుని నిచ్చెన బిగించిన బోల్టులు ఒక్కొక్కటిగా లెక్కపెడుతోంది. కూతురు ఎదురుగా వచ్చేసరికి ఒకసారి చూసింది. పిల్ల నోట్లో ఏమీ లేదు. వెంటనే పసుపుపచ్చ గొట్టం తీసి అందించింది. అమ్మాయి దాన్ని నోట్లో పెట్టుకుంది. ఇద్దరూ ఒకే సిలిండరు గాలి పీలుస్తూ కాసేపు అలా కూర్చున్నారు. మాట్లాడుకునే వీలు లేకపోవడం వల్ల చాలా విషయాలు సర్దుకున్నాయి.

పైకి వచ్చాక అమ్మాయి వణుకుతూ అరిచింది. "ఎంతసేపమ్మా? ఇక్కడ నా ప్రాణాలు పోయాయి."

"పోయాయా?" అంది తల్లి, ముక్కు చీదుతూ. "ఆ బాధ నేను రోజూ పడుతున్నదే. నువ్వు తొమ్మిది నిమిషాలే పడ్డావు." తరువాత సంచి అందుకుని, కొలను నిచ్చెనకు ఒక ఎర్ర చీటీ కట్టింది. నాలుగో బోల్టు వదులుగా ఉంది.

గురువారం ఉదయం రేవులో పచ్చ చీటీ కట్టిన నీలం రెగ్యులేటరు అమ్మాయి సంచిలో ఉంది. పడవ బయలుదేరే ముందు ఆమె చీటీ తీసి చదివింది.

"మళ్లీ తనిఖీ: పదిహేను రోజులకు. స్థలం: పనిచేసే చోట. ఇదేంటమ్మా? ఆయన ఏడాదికోసారి అన్నాడు కదా."

"అది మామూలు సర్వీసు. ఇది తనిఖీ. మొదటి ఏడాది పదిహేను రోజులకోసారి అధికారే స్వయంగా వచ్చి చూడాలి. మా నిబంధనల్లో ఉంది, కావాలంటే మీ నాన్నను అడుగు."

అమ్మాయి తండ్రి వైపు చూసింది. ఆయన అవునన్నట్టు తలాడించారు. "వెళ్లొస్తాను," అని ఆమె పడవ ఎక్కింది.

నిబంధనల పుస్తకం మొత్తం మూడుసార్లు టైపు చేసిన మనిషిగా, అందులో అలాంటి నిబంధన ఏదీ లేదని టైపిస్టు గారికి తెలుసు. ఆయన పదిహేనో రోజు పడవకు రెండు టికెట్లు అడగడానికి వరసలో నిలబడ్డారు.