గుర్రం లేని గుర్రాల బీడు

ఒక పెద్ద అడవిలో గుర్రం తప్ప మిగతా జంతువులన్నీ ఉండేవి. గుర్రం లేదే అన్న దిగులు ఎవరికీ ఉండేది కాదు. ఆ దిగులు నేర్పింది నక్క.

అడవి నడుమ, వాగు పక్కన ఒక పచ్చిక బీడు ఉండేది. తాతల నాటి నుంచి గొర్రెలు అక్కడే మేసేవి. ఆ మందకు పెద్ద దిక్కు పోలమ్మ అనే ముసలి గొర్రె. మేయడం, నెమరు వేయడం, మళ్ళీ మేయడం తప్ప ఆ మందకు వేరే రాజకీయం తెలియదు. అలాంటివాళ్ళ చేతిలో మంచి నేల ఉంటే చూసేవాళ్ళకు నిద్ర పట్టదు.

అడవికి ఒక సభ ఉంది. దాని అధ్యక్షుడు చిరుత. పదవిలోకి వచ్చాక అది పగటిపూట మాంసం మానేసింది కాబట్టి అందరూ దాన్ని సాధువు అనేవారు. కార్యదర్శి నక్క. చిరుతకు ఏం కావాలో చిరుతకంటే ముందు నక్కకే తెలిసేది.

ఒకసారి నక్క పట్నం అంచుదాకా వెళ్ళి వచ్చింది. అక్కడ మనుషులు ఊళ్ళ పక్కన పచ్చిక భూములు కొంటున్నారట. గుర్రాలు పెంచుకోవడానికి అనువైన భూమి అని బోర్డు పాతితే చాలు, పుట్టి బుద్ధెరిగి గుర్రం తోక కూడా ముట్టుకోనివాళ్ళు ఎగబడుతున్నారట. ఈ సంగతి వినగానే చిరుత మీసాలు కదిలాయి. అయితే దానికి ఒక్క అనుమానం ఉంది.

"మనకి గుర్రాలు లేవు కదయ్యా," అంది.

"అదే మన అదృష్టం, ఏలినవారూ," అంది నక్క. "గుర్రం ఉంటే గడ్డి తినేస్తుంది. లేదు కాబట్టే అమ్ముకోవడానికి గడ్డి మిగులుతుంది."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సభ చేతులెత్తి తీర్మానించింది, గొర్రెల బీడు గుర్రాల బీడు అయిపోయింది. కొనడానికి వచ్చేవాళ్ళ కళ్ళకు గడ్డి ఏపుగా కనిపించాలి గనక ఇకమీదట గొర్రెలు అందులో మూతి పెట్టకూడదని కూడా అదే ఊపులో తీర్మానించారు.

పోలమ్మ సభకు వచ్చి మొరపెట్టుకుంది. దాని కూతురు నేడో రేపో ఈనేలా ఉంది. వాగు అవతల ఉన్నది రాళ్ళ గుట్ట, అక్కడ మొలిచేవి ముళ్ళు. పచ్చిక లేకపోతే తల్లికి పాలు పడవు. ఒక్క మూల వదిలేస్తే మిగతా వైపు కన్నెత్తి కూడా చూడమని వేడుకుంది.

నక్క చాలా మర్యాదగా విన్నది. మర్యాదగా వినే అధికారి దగ్గర పని జరగదని పోలమ్మకు అప్పటికి తెలియదు.

"తల్లీ, నీ బాధ నా బాధ కాదా?" అంది నక్క. "కానీ అది ఇప్పుడు గడ్డి కాదు, దృశ్యం. దృశ్యాన్ని మేస్తామంటే ఎలా?"

గొర్రెలు వాగు దాటి వెళ్ళిపోయాయి. పోతూ పోతూ చిరుతకు దండం కూడా పెట్టాయి. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక కావలసింది గుర్రం. వచ్చినవాళ్ళకు చూపించడానికి ఒక్కటైనా ఉండాలి కదా. చాకిరేవు నుంచి పారిపోయి వచ్చిన గాడిద ఒకటి పొదల్లో తలదాచుకుంటోంది. నక్క దాన్ని పిలిపించి, సభ తీర్మానం ప్రకారం నువ్వు గుర్రానివి పొమ్మంది. గాడిద మొదట మొహమాటపడింది. తరవాత ఒప్పుకుంది. ఆ తరవాత నమ్మేసింది. పదవులు వచ్చినవాళ్ళందరికీ జరిగేదే దానికీ జరిగింది.

మెడకు ఈత నారతో జూలు కట్టారు. కోతుల చేత పెద్ద చెక్క మీద దాని బొమ్మ వేయించారు. పొడుగాటి చెవులు, వేలాడే పెదవి, జారిన బొజ్జ, ఏదీ వదల్లేదు. కింద 'గుర్రం అంటే ఇది' అని రాసి, చిరుత పంజా ముద్ర కొట్టి, బీడు వాకిట్లో పాతారు. చెవి ఎంత పొడుగైతే జాతి అంత మేలని, బొజ్జ జారితే రాజలక్షణమని వచ్చినవాళ్ళందరికీ నక్క వల్లించేది. గాడిదకు మాత్రం రెండు కట్టడులు పెట్టింది. నోరు తెరవకూడదు, గడ్డి కొరకకూడదు.

బీడు వేడి వేడి బజ్జీల్లా అమ్ముడుపోయింది. ఎలుగుబంటి తన చలికాలపు తేనె అంతా పోసి ఒక ముక్క కొంది, పందికి అమ్ముదామని. పంది తన దుంపలన్నీ పోసి ఇంకో ముక్క కొంది, ముళ్ళపందికి అమ్ముదామని. పక్క ముక్క ఎవరు కొన్నారని అందరూ అడిగారు. గడ్డి ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు.

గడ్డి ఎలా ఉందంటే, చస్తోంది. మేసే నోరు లేదు, రాలే పెంట లేదు. ఎదిగిన గడ్డి ముదిరి, ఎండి, పడిపోయింది. వానలు రాగానే ఆ సందుల్లో వయ్యారిభామ కలుపు మొలిచి, చూస్తుండగానే నడుమెత్తు పెరిగి తెల్లగా పూసింది. నక్క దానికి పూలతోట అని పేరు పెట్టి ధర పెంచింది. ఎలుగుబంటి ముచ్చటపడి తన సొంత నేల మీద ఒకసారి పొర్లింది. ఆ రోజు మొదలు గోక్కోవడమే దాని పని.

వాగు అవతల సంగతి వేరు. పోలమ్మ కూతురు రాళ్ళలోనే ఈనింది. పాలు చాలక ఆ పిల్ల బతకలేదు. పోలమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే మందను ముళ్ళ మధ్యకు తోలింది. గొర్రెలు ఉన్న పరకే మేశాయి, మేసినచోటే పెంట వేశాయి. మనుషులు బతిమాలి, ఎదురు ధాన్యమిచ్చి గొర్రెల మందను తమ పొలాల్లో పడుకోబెట్టించుకునేది ఆ పెంట కోసమే. రెండు వానలు తిరిగేసరికి గుట్ట పచ్చబడింది. కూతురు మళ్ళీ చూలుతో ఉంది.

అప్పుడు వచ్చింది అసలు గుర్రం.

పెళ్ళి ఊరేగింపుల్లో పెళ్ళికొడుకుల్ని మోసి మోసి ముసలిదైతే యజమాని దాన్ని రోడ్డున వదిలేశాడు. జూలులో ఇంకా జిగినీ ముక్కలు అంటుకునే ఉన్నాయి. బీడు వాకిట్లో గాడిద దాన్ని ఆపి ఎవరు నువ్వని అడిగింది. గుర్రాన్నని అది చెప్పింది. ఆ పదవి ఖాళీ లేదని గాడిద చెప్పింది. గుర్రానికి వాదించే ఓపిక లేదు. వయ్యారిభామ వాసనకు గట్టిగా తుమ్మి, వాగు దాటి గుట్టెక్కింది.

"ఇక్కడ మేయనిస్తావా, అమ్మా?" అని పోలమ్మను అడిగింది. "చెవి పక్కన బ్యాండు మోగకుండా ఒక్క పూట తినాలని ఉంది."

పోలమ్మ జరిగి చోటిచ్చింది.

ఈలోగా కొన్నవాళ్ళంతా గోక్కుంటూ సభ మీద పడ్డారు, మా తేనె మాకివ్వండి, మా దుంపలు మాకివ్వండి అని. అవి ఎక్కడున్నాయి, చిరుతా నక్కా ఎప్పుడో పంచుకుని అరిగించుకున్నాయి. నక్క తల పట్టుకుని వాగు ఒడ్డున కూర్చుంది. కూర్చున్నది కాస్తా దిగ్గున లేచింది. ఎదురుగా పచ్చటి గుట్ట, దాని మీద నిజమైన గుర్రం.

మరునాడు ఊరేగింపుగా బయలుదేరారు. ముందు చిరుత, వెనక నక్క, ఆ వెనక బొమ్మ చెక్క మోస్తూ గాడిద, దాని వెనక కొన్నవాళ్ళంతా. పాత ముక్కకు బదులు గుట్ట మీద కొత్త ముక్క ఇస్తామని, ఈసారి గుర్రం కూడా ఉన్న భూమని నక్క చాటింది. సాయంత్రంలోగా గుట్ట ఖాళీ చెయ్యమని గొర్రెలకు చెప్పింది.

పోలమ్మ కూతురి వైపు చూసింది. ముందుకొచ్చి నిలబడింది.

"అప్పుడు పొమ్మంటే పోయాం, బాబూ. ఒక పిల్లని ఈ రాళ్ళలో పోగొట్టుకున్నాం. ఇంక పోం."

చిరుత ఆవులించింది. పట్టపగలే అయినా దాని చూపు పోలమ్మ మెడ మీద పడింది. మంద మొత్తం బిగుసుకుపోయింది.

అంతలో ఎలుగుబంటి గోక్కోవడం ఆపి, చెక్క మీది బొమ్మను చూసింది, గుర్రాన్ని చూసింది, మళ్ళీ బొమ్మను చూసింది.

"దీనికి చెవులేవి?" అంది.

నిజమే, చెవులు పొట్టి. బొజ్జ లేదు, పెదవి వేలాడటం లేదు. రాజలక్షణం ఒక్కటీ కనబడలేదు. మళ్ళీ మోసం చేస్తున్నారా అని కొన్నవాళ్ళు నక్కను చుట్టుముట్టారు. ఇది గుర్రమంటే, ఇన్నాళ్ళూ చూపించింది గాడిదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఎలుగుబంటి పంజా దెబ్బ తినాలి. చిరుత అయితే చెక్క మీది తన ముద్రను చూసుకుంటూ ఉండిపోయింది. పోలమ్మ మెడ సంగతి దానికి గుర్తే లేదు.

తన పదవికి ఎసరొచ్చిందని గాడిదకు అర్థమైంది. ఇన్నాళ్ళ కట్టడి మరిచి, మూతి ఆకాశానికెత్తి ఓండ్రపెట్టింది. కొండలు మారుమోగాయి.

"అద్గదీ, సకిలింపంటే అదీ," అంది ఎలుగుబంటి తన్మయంగా.

ఆఖరి ఆశగా నక్క ముసలి గుర్రం వైపు తిరిగి, నువ్వే చెప్పు, నువ్వు గుర్రానివా కాదా అని అడిగింది. గుర్రం నోట్లో గడ్డి నమలడం పూర్తి చేసింది. పోలమ్మను చూసింది, నిండు చూలుతో ఉన్న దాని కూతుర్ని చూసింది.

"నేనా? కాస్త పొడుగ్గా పెరిగిన గొర్రెను, బాబూ."

"మా మేనమామ కొడుకే," అంది పోలమ్మ. "చిన్నప్పట్నుంచీ ఇంతే, పొడుగు."

గుట్ట గొర్రెల భూమి, అమ్మకానికి పనికిరాదు అని అక్కడికక్కడే తీర్మానించి, ముద్ర కొట్టి, సభ వెనుదిరిగింది. వారం తిరక్కుండా పోలమ్మ కూతురు ఈనింది. ఈసారి పిల్ల పుట్టీ పుట్టగానే లేచి పాలు తాగింది.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు. తమ గుర్రం, అంటే ఆ గాడిద, చిక్కిపోకూడదని కొన్నవాళ్ళు పట్టుబట్టారు, దాని మేత బాధ్యత నక్క మీద పడింది. గుర్రాల బీడులో తినడానికి పరక లేదు. అందుకని నక్క రోజూ వాగు దాటి, ఒక్క మోపు గడ్డి ఇప్పించమని పోలమ్మను అడుగుతుంది.

పోలమ్మ చాలా మర్యాదగా వింటుంది.

నీతి: ముద్ర పడితే గాడిదైనా గుర్రమే, కడుపు నిండాలంటే మాత్రం గుర్రమైనా గొర్రె కావలసిందే.