మూడు ఊళ్ళు పంచుకున్న విమానాలు

సూర్యాపేట పౌరులకు, వారితోపాటు కోదాడ, మిర్యాలగూడ పౌరులకు ఈ విషయం ముందే తెలుసు గనుక ఇక్కడ కేవలం గుర్తుచేయడం జరుగుతున్నది. ఫోటోలో కనబడినవాడే గొప్పవాడు. తీసినవాడెవరన్నది ఫోటో వెనక రబ్బరు ముద్ర వేసుకునేవాళ్ళ సొంత గొడవ. ఈ న్యాయం ఇంత పకడ్బందీగా అమల్లో ఉన్న ఊళ్ళో, ఆ సంగతి తెలుసుకోకుండా సూర్యాపేట బస్టాండు ఎదురుగా స్టూడియో తెరిచినవాడు భద్రు.

భద్రుది నడిగూడెం దగ్గర తండా. చదువుకుని వైమానిక దళంలో చేరితే, అక్కడివాళ్ళు చేతికి తుపాకీ ఇవ్వకుండా కెమెరా ఇచ్చారు. ఎగురుతున్న యుద్ధవిమానాలను ఇంకో విమానంలోంచి ఫోటో తీయడం అతని కొలువు. సరుకులు మోసే పెద్ద విమానం వెనక తలుపును గాలిలోనే తెరుస్తారు. భద్రు నడుముకు బెల్టు కట్టి, దాని కొసను విమానం నేలకు బిగించి, ఆ తలుపు దగ్గర కూర్చోబెడతారు. వెనకనుంచి యుద్ధవిమానాలు వస్తాయి. వాటికి నెమ్మదిగా పోవడం చేతకాదు, పెద్దదానికి వేగంగా పోవడం చేతకాదు. రెండూ కాసేపు సర్దుకుపోతేనే బొమ్మ దొరుకుతుంది. ఆ కాసేపట్లో చలికి వేళ్ళు కొయ్యబారిపోతాయి, గాలికి కెమెరా చేతుల్లో నిలవదు, కింద భూమి ఉన్నదన్న సంగతి మరిచిపోవాలి.

అట్లా తీసిన వేల ఫోటోల్లో ఒక్కటి మాత్రం భద్రు ప్రాణం. మబ్బుల పైన మూడు విమానాలు ఒకేసారి ఒక పక్కకు ఒరిగాయి. ఎండ మూడు రెక్కల మీదా ఒకే గీతలాగా మెరిసింది. భద్రు ఊపిరి బిగబట్టి నొక్కాడు. మరుక్షణం అవి తలో దిక్కుకు విడిపోయాయి. పెళ్ళినాడు కూడా అంత సంతోషం కలగలేదని భార్య జమునతో అన్నాడు గాని, ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని భోజనం వేళకు అర్థమైంది. కొలువు నుంచి దిగిపోయేనాడు ఆఫీసర్లు ఆ బొమ్మనే పెద్దగా చేయించి, ఫ్రేము కట్టించి బహుమతిగా ఇచ్చారు. నెగటివ్ మాత్రం శాఖవారిది. అడిగినా ఇవ్వరు.

ఆ ఫ్రేమును స్టూడియో గోడకు తగిలించిన నాటినుంచి ప్రజల వివేకం భద్రుకు బోధపడసాగింది. పాస్‌పోర్టు సైజు ఫోటో కోసం వచ్చిన సత్తయ్య పంతులు దాన్ని చాలాసేపు పరిశీలించాడు.

"ఇండ్ల నువ్వేడున్నవ్?"

"నేను లేను సార్. తీసింది నేను. ఇంకో విమానంల ఉన్న."

"గా విమానం ఏది మరి?"

"అది కనబడదు సార్. దాంట్లకెళ్లే గదా తీసింది."

"కనబడని విమానంల కనబడకుంట ఉన్నవా?" అని సత్తయ్య పంతులు జాలిగా నవ్వాడు. "ఆరో తరగతి పిల్లగాండ్లు గూడ నమ్మరు భద్రూ. వేరే ఏమన్న చెప్పుకో."

సత్తయ్య లెక్కల పంతులు. రుజువు లేనిదే దేన్నీ ఒప్పుకోని మనిషి. ఆయనే ఆ నెలలో భార్యా పిల్లలతో ఎదురు వీధిలోని వెంకటేశం స్టూడియోకు పోయి, విమానం నడుపుతున్నట్టు ఫోటో దిగి, దాన్ని ఇంటి ముందుగదిలో పెట్టుకున్నాడు.

వెంకటేశం దగ్గర ప్లైవుడ్ విమానం ఉంది. కోదాడలో లారీలకు రంగులు వేసే పెయింటరు దాన్ని తయారుచేశాడు. ఆయన విమానాన్ని చూడలేదు గాని, బండి అన్నాక ఏముండాలో తెలిసినవాడు. కాబట్టి రెక్క చివర అద్దం, తోక మీద 'హారన్ కొట్టండి', ముక్కు మీద రెండు నిమ్మకాయలు అమర్చాడు. కోదాడ నుంచి కొత్త జంటలు, మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల లారీ డ్రైవర్లు, మిర్యాలగూడ మిల్లుల షావుకార్లు వరసలో నిలబడి ఆ విమానం ఎక్కారు. అందరి ముఖాలూ స్పష్టంగా పడ్డాయి. అందుచేత మూడు ఊళ్ళలోనూ విమానాల విషయంలో వెంకటేశం మాటే చెల్లుబాటయింది. గల్ఫుకు పోయేవాళ్ళు కూడా ముందుగా అతని సలహా తీసుకునేవారు.

తొంభై నాలుగో సంవత్సరం పంద్రాగస్టుకు 'త్రిపట్టణ ప్రతిభా సన్మాన సంఘం' భద్రును సన్మానించాలని నిర్ణయించింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి, తండాల్లో ఓట్లున్నాయి అనేవి వేరే విషయాలు. సంఘం అధ్యక్షుడు, రైసుమిల్లు యజమాని అనంతరాములు స్వయంగా స్టూడియోకు వచ్చి ఫ్రేము చూశాడు.

"విమానాలు బాగనే ఉన్నయి. మనిషేడి? పోస్టరు మీద ఏమెయ్యాలె?"

"గీ బొమ్మే ఎయ్యున్రి సార్."

"గట్లెట్లయితది? జనానికి మొకం గావాలె. జర వెంకటేశం కాడికి పోయి విమానంల కూసోని ఒక ఫోటో దిగు. ఫ్రేము గూడ సభకు పట్టుకరా."

భద్రు ఖచ్చితంగా కుదరదన్నాడు. ప్రాణం పోయినా ఆ నిమ్మకాయల బండి ఎక్కనన్నాడు. ఆ మాట మీద రెండు రోజులు నిలబడ్డాడు కూడా. మూడోనాడు తండా నుంచి తల్లి గౌరీబాయి బస్సు దిగింది. కొడుకు విమానాల్లో కొలువు చేస్తున్నాడంటే తండాలో ఎవరూ నమ్మింది లేదు. ఏ పట్నంలోనో రిక్షా తొక్కుతున్నాడని ఆమె వినేటట్టే అనుకునేవారు. అతని కొలువు సాగిన పద్నాలుగేళ్ళూ ఆమె నీళ్ళ బిందె ఎత్తుకుని ఇంటికి వచ్చేది.

ఆమె గోడమీది బొమ్మ ముందు నిలబడింది. ఎక్కడున్నావని అడగలేదు.

"గంత మీద చలి పెట్టలేదా కొడకా?"

"పెట్టింది యాడీ," అన్నాడు భద్రు. ఎన్నో ఏళ్ళ తర్వాత అమ్మను తండా మాటతో పిలిచాడు.

"సన్మానమంట గదా. తండా వాళ్ళందరు వస్తమన్నరు. ఇగ నాకు తలకాయ ఎత్తుకునే రోజొచ్చింది."

భద్రు చొక్కా మార్చుకుని వెంకటేశం స్టూడియోకు పోయాడు.

వెంకటేశం వృత్తిధర్మం పాటించేవాడు. భద్రును ప్లైవుడ్ వెనక స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు మూడుసార్లు గడ్డం సరిచేశాడు. "విమానంల గట్ల కూసోరు తమ్మీ. జర నిటారుగ కూసో. ఎన్నడన్న ఎక్కినోని లెక్క నవ్వు," అన్నాడు. భద్రు ఎక్కినవాడిలాగా నవ్వడానికి ప్రయత్నించి విఫలుడయ్యాడు. పోస్టరు మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. సత్తయ్య పంతులు దాన్ని చూసి, "గిట్ల రుజువు సూపెడితే మేమెందుకు నమ్మం?" అని నలుగురిలో భద్రును మెచ్చుకున్నాడు.

సభ సజావుగా జరిగింది. గౌరీబాయి తండావాళ్ళతో ముందు వరసలో కూర్చుంది. భద్రుకు మూడు ఊళ్ళ తరఫున మూడు శాలువాలు ఒకదానిమీద ఒకటి కప్పి, పూలదండలు వేశారు. చేతులు లోపలే ఉండిపోయాయి. వేదిక మీద ఫ్రేము విప్పి బొమ్మను బల్లమీద పరిచారు. అనంతరాములు మైకు పట్టుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! ఈ మూడు విమానాలు విమానాలు కావు. ముందు పోయేది సూర్యాపేట. దాని వెనక కోదాడ, ఆ వెనక మిర్యాలగూడ. ఈ మూడూ ప్రగతి అనే గగనతలంలో..."

మిర్యాలగూడ మిల్లర్లు లేచి నిలబడ్డారు. జిల్లాకే బియ్యం పెట్టే ఊరు వెనక ఎట్లా పోతుందని అడిగారు. కోదాడ ప్రతినిధి కూడా లేచాడు. "కోస్తాకి సరిహద్దు మాదేనండీ. ముందు మేం ఉండాలి గదా!" అన్నాడు. కాసేపు కుర్చీలు గాలిలో ఎగిరాయి. ఆనాడు సూర్యాపేటలో నిజంగా ఎగిరినవి అవే.

రాజ్యాంగబద్ధమైన పరిష్కారం అనంతరాములే కనిపెట్టాడు. రిబ్బను కత్తిరించడానికి తెచ్చిన కత్తెర అందుకుని, "ఎవల విమానం వాళ్ళు తీస్కపోతే పంచాయితే ఉండది!" అని ప్రకటించాడు.

"సార్, వద్దు! ఆగున్రి!" అని భద్రు కేకపెట్టాడు. శాలువాల్లోంచి చేతులు బయటికి రావడం లేదు.

"నీ ప్రసంగం తర్వాత భద్రూ," అన్నాడు అధ్యక్షుడు, బొమ్మను చక్కగా మూడు ముక్కలు చేస్తూ.

చప్పట్లు మోగాయి. మూడు రెక్కల మీది ఒకే గీత మూడు ఊళ్ళ జేబుల్లోకి పోయింది. రెక్కల చుట్టూ ఉన్న మబ్బులు కత్తెరకు తునకలై బల్ల కింద రాలిపడ్డాయి. భద్రు వంగి ఏరుకోబోతే, దండలు అడ్డం వచ్చాయి. అతని ప్రసంగానికి సమయం చాలలేదు.

చివరగా జ్ఞాపకార్థం అందరూ కలిసి ఫోటో దిగాలన్నారు. విమానయాన రంగానికి చేసిన సేవకు గుర్తింపుగా వెంకటేశాన్ని అప్పటికే వేదిక మీద కూర్చోబెట్టారు కాబట్టి కెమెరా పట్టేవాడు లేకపోయాడు.

"మన భద్రు ఉన్నడు గదా, ఫోటోగ్రాఫరే గదా!" అన్నారు ఎవరో.

శాలువాలు విప్పారు. భద్రు కెమెరా తీసుకుని వేదిక దిగాడు. ఒక్కొక్కరినీ జరిపాడు, పొట్టివాళ్ళను ముందుకు పిలిచాడు, వెలుతురు చూసుకున్నాడు. అందరి కళ్ళూ తెరుచుకున్న క్షణం చూసి నొక్కాడు. ఆ ఊళ్ళో అంతకన్నా చక్కటి గ్రూప్ ఫోటో ఎవరూ తీయలేదు.

ఆ ఫోటో పేపర్లో పడింది. ఎవరికి సన్మానం జరిగిందన్న ప్రశ్న వచ్చినప్పుడు, మధ్యలో నిలబడింది అనంతరాములే గనుక ఆయనకే జరిగి ఉంటుందని పాఠకులు తేల్చారు. సభకు రాని బీక్యా తండాలో ఆ పేపరు గౌరీబాయి ముందు పరిచి, "నీ కొడుకేడున్నడే ఇండ్ల?" అని అడిగాడు.

ఆమె ఫోటోలోని ముఖాల మీద ఒక్కొక్కటిగా వేలు ఆనించింది.

"గీ షావుకార్లు, గీ లీడర్లు అందరు గిట్ల చేతులు కట్టుకోని ఎవని దిక్కు సూస్తున్నర్రా? నా కొడుకు దిక్కే."

బీక్యా ఆ మాటను కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. ఈ వాదన తిరిగి తిరిగి సన్మాన సంఘం దాకా పోయింది. సంఘం అత్యవసరంగా సమావేశమై, పేపరును ముందు పెట్టుకుని క్షుణ్ణంగా పరిశీలించింది. ఫోటోలో ఎక్కడా కనబడడం లేదు గనుక గౌరీబాయి అనే ఆవిడ సభకు వచ్చినట్టు ఆధారం లేదనీ, రాని మనిషి మాటకు విలువ లేదనీ ఏకగ్రీవంగా తీర్మానించింది.