గెట్ మాస్టారి నిండు హాలు

శనివారం పొద్దున్నే దయానందం మాస్టారు తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నారు. కాలర్ ఇస్త్రీ ఇంకొకరికి అప్పగించే పని కాదని ఆయన అభిప్రాయం. ఆ మాటకొస్తే తనకు సంబంధించిన ఏ పనీ ఇంకొకరు సరిగ్గా చేయలేరనే ఆయన గట్టి నమ్మకం. సాయంత్రం అమీర్‌పేటలో ఉచిత డెమో క్లాసు ఉంది. చొక్కా తొడుక్కుని, అద్దంలో చూసుకుని, తన మీద తనకున్న గౌరవం ఇంకాస్త పెంచుకున్నారు.

అందులో ఆశ్చర్యం లేదు. తెనాలి నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడిన ఈయనకు అమీర్‌పేటలో ఓ బిరుదుంది. స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాళ్ళు సందుకి నలుగురున్నా 'గెట్ మాస్టారు' మాత్రం ఒక్కరే. మిగతావాళ్ళు డెమోలో టెన్సులు మొదలుపెట్టి జనాన్ని హడలగొడతారు. ఈయన బోర్డు మధ్యలో 'గెట్' అని రాసి, ఆ ఒక్క క్రియతోనే పూట గడిపేస్తారు. "దొరకడం గెట్, చేరడం గెట్, అవడం గెట్, అర్థం కావడం గెట్. లేవమన్నా గెట్టే, దిగమన్నా గెట్టే, పొమ్మన్నా గెట్టే. ఈ ముక్క వచ్చినవాడికి సగం ఇంగ్లీషు వచ్చినట్టే!" అంటారు. ఆ మధ్య పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పాత శిష్యుడొకడు బండి మీద నుంచి "సార్, ఐ గాట్ జాబ్!" అని ఆనందంగా కేకేస్తే, ఆటోలోంచి సగం బయటికి వంగి "ఎ జాబ్! గాట్ ఎ జాబ్!" అని దిద్దారు. ఆటో కదిలాక గానీ సంతోషించడం గుర్తు రాలేదు.

అయితే ఈ మధ్య గెట్‌కి గడ్డుకాలం వచ్చింది. జనమంతా కంప్యూటర్ కోర్సుల వెంట పడ్డారు. కిందటి డెమోకి నలుగురొచ్చారు. అందులో ఒకాయన ఏసీ కోసం వచ్చానని తనే చెప్పాడు. మైత్రీవనం పక్క సందులో మాస్టారు అద్దెకు తీసుకున్న ఆ మూడో అంతస్తు హాలు గులాం మొహియుద్దీన్‌ది, ఆయన తమ్ముడిది. హాలు కంప్యూటర్ వాళ్ళకు ఇచ్చేద్దామని తమ్ముడి పట్టు. చివరికి అన్నదమ్ములు ఒక ఒప్పందానికొచ్చారు. ఇవాళ్టి డెమోకి హాలు నిండితే మాస్టారు ఉంటారు. నిండకపోతే బోర్డు, దాని వెనకే మాస్టారు మెట్లు దిగాలి.

హాలు నింపడానికి అమీర్‌పేటలో ఒక పద్ధతి ఉంది. కరపత్రం పట్టుకుని వచ్చినవాడు ముందు తలుపులోంచి తొంగి చూస్తాడు. లోపల జనముంటే కూర్చుంటాడు, ఖాళీగా ఉంటే పక్క హాలుకి పోతాడు. అందుకని డెమో రోజున ప్రతివాళ్ళూ తమవాళ్ళనే కొందరిని విద్యార్థుల్లా ముందు వరసల్లో కూర్చోబెడతారు. ఊరందరికీ తెలిసిన రహస్యమే ఇది. మాస్టారు మాత్రం ఒక్కసారీ ఆ పని చేయలేదు.

"ఈ ఒక్కసారికి మా వాళ్ళని నలుగురిని పిలుస్తా, షెర్లిన్ డాడీ," అంది, భర్తను ఎప్పుడూ కూతురి పేరుతోనే పిలిచే యేసుమణి, టిఫిన్ పెడుతూ. "వచ్చి ఊకె కూసుంటరు. ఏం పోయింది?"

"నా గెట్‌కి అరువు జనమా మణీ? ఒక్కడొచ్చినా సరే, వాడు నాకోసం రావాలి. హాలు పోతే పోనీ. ఈ వయసులో పరువు పోగొట్టుకోలేను."

ఆయన గర్వమంటే యేసుమణికి లోలోపల ఇష్టమే. కానీ గర్వం నిలబడాలన్నా ముందు కుర్చీలు నిండాలి కదా! ఆయన చెప్పుల చప్పుడు వీధి మలుపు తిరగగానే బోరబండలో ఉన్న అక్కకు ఫోన్ చేసింది. తమ చర్చి వాళ్ళయితే మాస్టారు గుర్తుపడతారు. అక్క వాళ్ళ చర్చి స్త్రీల సమాజం వాళ్ళనైతే ఆయన ఎన్నడూ చూడలేదు. "పది మంది చాలు అక్కా. నేను పంపిన అని మాత్రం చెప్పొద్దు. సదువుకోనీకి వచ్చినట్టే కూసోవాలె," అంది. స్త్రీల సమాజం ఏ పనీ పదిమందితో చేసి ఎరగదు. మొత్తం సమాజమూ ముస్తాబైంది.

అదే సమయంలో మొహియుద్దీన్ సనత్‌నగర్‌లో బావమరిది నడిపే లేత్ వర్క్‌షాపుకి ఫోన్ చేస్తున్నాడు. ఆయన కూతురు జువేరియా మాస్టారి దగ్గరే నేర్చుకుని ఇప్పుడు పెద్ద హోటల్ కౌంటర్‌లో దొరల్లాంటివాళ్ళతో దడదడా మాట్లాడుతోంది. ఆ మాటలు వినడానికే ఆయన రెండుసార్లు పని లేకుండా ఆ హోటల్‌కి వెళ్ళి నిలబడ్డాడు. అలాంటి మాస్టారిని మెట్లు దింపడానికి ఆయనకు మనసు ఎలా ఒప్పుతుంది? "షిఫ్ట్ అయిపోంగనె అందర్నీ పంపియ్యి," అన్నాడు. "నా పేరు చెప్పుడు నక్కో. మాస్టర్ సాబ్‌కు తెలిస్తే పరేషాన్ అయితడు."

సాయంత్రం మాస్టారు హాలు తలుపు తీసి అరగంట కూడా కాలేదు. ఓ పక్కనుంచి పట్టుచీరల స్త్రీల సమాజం, ఇంకో పక్కనుంచి చేతులింకా నూనె నూనెగా ఉన్న వర్క్‌షాపు మనుషులు మెట్లెక్కి వచ్చేశారు. ఆడవాళ్ళు మగవాళ్ళను చూసి, పాపం వీళ్ళే అసలు విద్యార్థులనుకున్నారు. మగవాళ్ళూ ఆడవాళ్ళను చూసి అదే అనుకున్నారు. అసలువాళ్ళు లేచిపోకుండా చూడాలని ఇరుపక్షాలూ పోటీపడి శ్రద్ధ చూపించడం మొదలుపెట్టాయి. కుర్చీలు చాలలేదు. మిగిలినవాళ్ళు గోడ వెంబడి, ఆ తర్వాత వరండాలో, ఆ తర్వాత మెట్ల మీద నిలబడ్డారు.

అమీర్‌పేటలో ఒక తలుపు ముందు జనం బారులు తీరారంటే అర్థం ఒకటే: వాకిన్ ఇంటర్వ్యూ. అక్కడి కుర్రకారు సంచిలో మంచినీళ్ళ సీసా ఉన్నా లేకపోయినా రెజ్యూమె ఉంటుంది.

"ఏ కంపెనీ అన్నా?" అని మెట్ల కింద ఒకడు ఇంకొకణ్ణి అడిగాడు.

"తెల్వదు తమ్మీ. పెద్దదే ఉంటది. లైన్ చూడు!"

ఇంతకన్నా ఏం చెప్పాలి? లైను మెట్లు దిగి, సందు దాటి, టీకొట్టు చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఏం జరుగుతోందో చూద్దామని వచ్చిన మొహియుద్దీన్ నోరు తెరిచాడు. తను పిలిపించింది ఒక వర్క్‌షాపునే. మరి ఈ పట్టుచీరలెవరు, ఈ ఫైళ్ళవాళ్ళెవరు? వీళ్ళంతా అచ్చంగా మాస్టారి కోసమే వచ్చినవాళ్ళు! ఆయన ఛాతీ ఉబ్బిపోయింది. అక్కడికక్కడే తమ్ముడికి ఫోన్ కొట్టి, "కంప్యూటరోళ్ళకు లేదని చెప్పేయ్. హాలేంది, రోడ్డు సుత నిండింది!" అని అరిచాడు. తమ్ముడు వెంటనే వాళ్ళకు లేదని చెప్పేశాడు.

లోపల మాస్టారు ఉప్పొంగిపోతున్నారు. ఇన్నాళ్ళకు లోకానికి జ్ఞానోదయమైంది. పొద్దున భార్య అన్న మాట తలుచుకుని, పిచ్చిది అని జాలిపడ్డారు కూడా. ఆ సాయంత్రం చెప్పినట్టు ఆయన మునుపెన్నడూ పాఠం చెప్పలేదు.

"గెట్ అప్!" అన్నారు. స్త్రీల సమాజం చర్చిలో పాటకు లేచినట్టు ఒక్కసారిగా లేచింది. చూసి వర్క్‌షాపూ లేచింది.

"గెటింగ్ ఓల్డ్. అంటే?"

"ముసలోళ్ళమైతున్నం," అంది సమాజం పెద్ద ఎస్తేరమ్మ. వెనకాల నలుగురు అలవాటుగా "ఆమెన్" అన్నారు. ఎవరో భక్తిగల విద్యార్థులని మాస్టారు ముచ్చటపడ్డారు.

"హౌ డిడ్ యు గెట్ హియర్? ఇక్కడికి ఎలా చేరారు? మీరు చెప్పండమ్మా."

ఎస్తేరమ్మ కొంగు సవరించుకుంది. పెదవులు రెండుసార్లు కదిలాయి. "ఐ... గాట్ హియర్... బై ఆటో," అని ఒక్కో మాటా దించింది. హాలంతా చప్పట్లు. ఆమె కూర్చుని, పక్కావిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. జీవితంలో మొదటి ఇంగ్లీషు వాక్యం అది. తను వచ్చింది ఊరికే కూర్చోవడానికన్న సంగతి ఆ క్షణంలో ఆమెకు గుర్తు లేదు.

ఆ ఊపులో మాస్టారు డెమోలో ఎన్నడూ ముట్టని మెట్టు ఎక్కారు. "ఇప్పుడు గెట్ అసలు మహిమ చూడండి. పని మనం చెయ్యం, ఇంకొకరిచేత చేయిస్తాం. తెలుగులో చేయించు, రప్పించు, తినిపించు అంటామే, అక్కడా గెట్టే! ఐ గాట్ ద మెకానిక్ టు రిపేర్ మై స్కూటర్. మెకానిక్ చేత బాగు చేయించాను. ఏదీ, ఇలాంటిది మీ సొంతంగా ఒకటి చెప్పండి. రప్పించడం మీద చెప్పండి."

హాలు ఆలోచనలో పడింది. మూడో వరసలో వర్క్‌షాపు ఫోర్‌మన్ సారయ్య నెమ్మదిగా లేచాడు. కళ్ళు మూసుకున్నాడు. వేళ్ళ మీద మాటలు పేర్చుకున్నాడు.

"మొహియుద్దీన్ భాయ్... గాట్ మి... టు కమ్ హియర్."

"పర్ఫెక్ట్!" అని మాస్టారు గంతేసినంత పని చేశారు. అంత కష్టమైన వాక్యం ఒక్క తప్పు లేకుండా! ఆయన గబగబా దాన్ని బోర్డు మీద రాసేశారు. ఇంత మెప్పు అవతలి పక్షానికి దక్కడం ఎస్తేరమ్మ తట్టుకోలేకపోయింది.

"సార్, నాది! యేసుమణి సిస్టర్ గాట్ అస్ టు కమ్ హియర్!"

"వెరీ గుడ్! అస్, ఎందుకంటే చాలామంది కనక!" అని అదీ దాని కిందే రాశారు. రాశాక, అలవాటు ప్రకారం వెనక్కి జరిగి, అందరికీ వినిపించేలా రెండు వాక్యాలూ పైకి చదివారు.

చదవడం పూర్తయ్యేసరికి ఆ రెండు పేర్లూ ఎవరివో ఆయనకు వెలిగింది. మొహియుద్దీన్ తలుపు పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సారయ్య తను చెప్పినదాని అర్థం తనకే అప్పుడు తట్టి నాలుక కరుచుకున్నాడు. స్త్రీల సమాజం వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మాస్టారు ఆసరాకి కిటికీ వైపు చూశారు. పోనీ, అక్కడ లైనుంది! ఈ లోపలివాళ్ళు అరువువాళ్ళయితేనేం, బయట టీకొట్టు దాకా నిలబడ్డవాళ్ళు తన సొంతం. ఛాతీ మళ్ళీ కాస్త లేచింది. తలుపు దగ్గరికి వెళ్ళి, లైనులో మొదట నిలబడ్డ అమ్మాయిని, "రామ్మా, ఏం పేరు నీది?" అని ఆదరంగా అడిగారు.

"భానుశ్రీ సార్," అని ఆ అమ్మాయి రెజ్యూమె చేతిలో పెట్టింది. "ఇంటర్వ్యూ ఎప్పుడు స్టార్ట్ చేస్తరు? ఏ కంపెనీ సార్ ఇది?"

అది విని వెనకవాళ్ళు కూడా తమ రెజ్యూమెలు చాచారు. మాస్టారికి సంగతి అర్థమైంది. ఇంత జనంలో తన కోసం వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఆయన లోపలికి వచ్చి, మార్కర్‌కి మూత పెట్టారు.

"ఇది ఇంటర్వ్యూ కాదమ్మా. క్లాసు కూడా కాదు, అయిపోయింది," అన్నారు. తర్వాత హాలు వైపు తిరిగారు. "మీరంతా పెద్ద మనసుతో వచ్చారు. సంతోషం. ఇక వెళ్ళిరండి. భాయ్, మీ హాలు మీరు ఎవరికైనా ఇచ్చుకోండి. నిండలేదు."

ఎవరూ లేవలేదు. పది నిమిషాల కింద గెట్ అప్ అంటే ఎగిరి లేచినవాళ్ళు, ఇప్పుడు అచ్చ తెలుగులో చెప్పినా కదలడం లేదు.

"సార్," అన్నాడు సారయ్య. "భాయ్ రమ్మన్నడు, వచ్చిన. అబద్ధమెందుకు? ఒక్క గంట కూసోని పోదామనుకున్న. కానీ గిప్పుడు పొమ్మంటే పోను. గా గెట్ సగంల ఉన్నది. నా కొడుకు ఇంజనీరింగ్ చదువుతుండు, ఇంట్ల వాని ముంగట ఒక్క ఇంగ్లీష్ ముక్క అనలే ఇన్నొద్దులు. ఇయ్యాల పోయి అంట. నన్ను రప్పిచ్చింది భాయే, గని కూసోబెట్టింది మీరు."

"అవు సార్," అంది ఎస్తేరమ్మ. "మాకు సుత మొత్తం నేర్పియ్యాలె. నేను ఆటోల వచ్చిన, గది చెప్పిన. మళ్ళ ఇంటికి ఎట్ల పోతనో చెప్పొద్దా?"

గుమ్మంలో భానుశ్రీ ఇంకా నిలబడే ఉంది. "నేను ఐదు ఇంటర్వ్యూలకు పోయిన సార్," అంది. "ప్రతి దగ్గర ఇంగ్లీష్‌ల మాట్లాడమనేసరికి ఆగిపోయిన. ఇందాక తలుపు కాడికెల్లి ఈ ఆంటీ చెప్పింది విన్న. ఆమెకు వచ్చిందంటే నాకు రాదా? నన్నూ చేర్చుకోండ్రి."

మాస్టారు కళ్ళజోడు తీసి, స్వయంగా ఇస్త్రీ చేసుకున్న ఆ చొక్కా అంచుతోనే తుడుచుకున్నారు. చొక్కా నలిగింది, పట్టించుకోలేదు. అద్దం ముందు తెచ్చుకున్న గర్వం ఇందాకే పోయింది. ఇప్పుడు లోపల పొంగుతున్నది వేరే. ఇది ఆయన అడిగి తెచ్చుకున్నది కాదు, వీళ్ళు ఇచ్చింది. ఇరవై ఏళ్ళలో ఇంత గర్వంగా ఆయనకు ఎన్నడూ అనిపించలేదు.

మార్కర్ మూత మళ్ళీ తీశారు. "కుర్చీలు లేనివాళ్ళు సర్దుకుని కూర్చోండి. ఇంటికి చేరడం దగ్గర మొదలుపెడదాం. గెట్ హోమ్. మధ్యలో టు ఉండదు, జాగ్రత్త!"

మొహియుద్దీన్ వరండాలోకి వెళ్ళి తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేశాడు. హాలు సంగతి మళ్ళీ మార్చేశారా అని తమ్ముడు అడిగితే, "లేదు, సాయంత్రం బ్యాచ్ ఒక్కటి సరిపోతలేదు, పొద్దుగాల సుత మాస్టర్ సాబ్‌కే," అన్నాడు.

ఇంటికి తిరిగొచ్చాక మాస్టారు యేసుమణితో రెండు గంటలు మాట్లాడకూడదని నిశ్చయించుకున్నారు. చారు పోస్తుండగానే ఆ నిశ్చయం సడలింది.

"అందరూ చేరారు మణీ," అన్నారు. "నువ్వూ రారాదా? ముందు వరసలో కుర్చీ ఉంచుతాను."

"నాకెందుకు షెర్లిన్ డాడీ?" అంది ఆమె, ఇంకో గరిటె అన్నం వడ్డిస్తూ.

నిజమే, ఎవరిచేత ఏ పని చేయించాలన్నా ఆమెకు ఇంతవరకు గెట్ అవసరం పడలేదు.