నిప్పు మానేసిన సూపరింటెండెంటు గారు

పాత రికార్డుల శాఖ సూపరింటెండెంటు గారు నిప్పు మానేశారు. ఈ సంగతి సోమవారం ఉదయం పదకొండింటికి, టీ రావడానికి కాస్త ముందు, ఆఫీసు నోటీసు బోర్డు ఎక్కింది. సిగరెట్లు మానేసిన వాళ్లను, చక్కెర మానేసిన వాళ్లను, పని మానేసిన ఒకరిద్దరిని కూడా ఆ బోర్డు చూసింది గానీ, నిప్పు మానేసిన మనిషిని చూడటం అదే మొదలు.

పై నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఉద్యోగులందరూ ఇంట్లో రోజువారీ వంటకు గ్యాసు వదిలి ఇండక్షన్ పొయ్యికి మారాలనీ, ఈ మార్పు పూర్తిగా స్వచ్ఛందమనీ, స్వచ్ఛందంగా మారనివారి పేర్లు శుక్రవారం లోగా పంపాలనీ అందులో ఉంది. చివరి పేరాలో, ఈ మహత్కార్యాన్ని ముందుండి నడిపించే ఒకరిని 'స్వచ్ఛ వంట నోడల్ అధికారి'గా నియమిస్తామనీ, ఆ అధికారికి విడిగా ఒక గది, ఆ గదికి ఒక ఏసీ ఉంటాయనీ ఉంది. సూపరింటెండెంటు గారు చివరి పేరాను మూడుసార్లు చదివారు. ఇరవై రెండేళ్లుగా ఆయన నలుగురు గుమాస్తాలతో కలిసి ఒకే ఫ్యాను కింద కూర్చుంటున్నారు. ఆ ఫ్యాను గాలికి సీనియారిటీ తెలియదు. కొత్తగా చేరిన గుమాస్తాకూ ఆయనకూ సమానంగా వీస్తుంది. ఆ అవమానం ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు.

"మా ఇంట నిప్పు లేదు" అని తన చేత్తో రాసి సంతకం పెట్టారు.

ఆ సమయానికి ఇంట్లో గ్యాసు మీద కూర ఉడుకుతోంది. భార్యకు విషయం సాయంత్రం తెలిసింది.

"మనం మారిపోయాం," అన్నారాయన చెప్పులు విడుస్తూ.

"ఎక్కడికండీ? ఈ ఇల్లు బాగానే ఉందిగా?"

"ఇల్లు కాదు, పొయ్యి."

ఆ ఇంట్లో రోజుకు మూడుసార్లు ఐదుగురికి వండేది ఆమె. ఆయన, ఆయన తల్లి, ఇద్దరు ఆడపిల్లలు, అందరూ తిన్నాక గిన్నెలో మిగిలితే ఆమె. మధ్యలో ఇరుగుపొరుగు వాళ్ల బట్టలు కుడుతుంది. ఇంత అనుభవం ఉన్న మనిషిని సంప్రదిస్తే ఆలస్యం అవుతుందని సూపరింటెండెంటు గారు సంప్రదించలేదు.

మర్నాడు ఆయన ఆఫీసు నుంచి ఒక అయస్కాంతం తెచ్చారు. వంటింట్లో గిన్నెలన్నిటినీ నేల మీద వరుసగా నిలబెట్టి తనిఖీ మొదలుపెట్టారు. అయస్కాంతం పట్టే గిన్నెలే ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కుతాయి గనక, అంటుకున్నవి అర్హమైనవి, అంటుకోనివి అనర్హమైనవి. ఇనుప కళాయికి అయస్కాంతం అంటుకుంది గానీ దాని అడుగు గుండ్రంగా ఉన్నందున అర్హత పరిశీలనలో ఉంచారు. మొత్తం ముప్పై ఆరు గిన్నెలు హాజరు కాగా ఏడు నెగ్గాయి. తల్లి కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న అల్యూమినియం అన్నపు గిన్నె తప్పింది.

"ఆ గిన్నెడన్నం తినే నువ్వింతవాడివయ్యావురా," అంది తల్లి.

"దాని సేవల్ని గుర్తిస్తూనే పదవీ విరమణ ఇస్తున్నామమ్మా," అన్నారాయన. గిన్నె అటక మీదికి వెళ్లింది.

కొత్త పొయ్యి నల్లగా, నున్నగా, మొహంలో ఏ భావమూ లేకుండా ఉంది. అచ్చం పై అధికారిలా. సూపరింటెండెంటు గారు చేతిలో సూచనల పుస్తకం పట్టుకుని నిలబడి చదువుతుంటే, భార్య పాలగిన్నె పెట్టింది. 'గరిష్ఠ శక్తి' అని ఉన్న చోట ఆయన గొంతు కాస్త పెరిగింది. ఆ మాట ఆయనకు నచ్చింది. గరిష్ఠ శక్తే నొక్కించారు. రెండు నిమిషాలు కాకముందే పాలు పొంగి, గట్టు మీద నుంచి ఆయన పాదాల మీదికి వచ్చాయి. "వేగం: సంతృప్తికరం" అని ఆయన గెంతుతూనే రాసుకున్నారు. తర్వాత తాలింపు కోసం ఖాళీ బాణలి పెట్టించి, నూనె పోయకుండానే శక్తి గురించి ఇంకో పేరా చదివారు. ఇల్లంతా పొగ. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత ఆ ఇంట్లో ఆ పూటే రద్దయింది.

"మంట కనపడకపోతే పొయ్యి వెలిగిందో లేదో ఎలా తెలుస్తుందిరా? వేలు పెట్టి చూడనా?" అంది తల్లి.

"నమ్మాలమ్మా."

"ఆ నమ్మేదేదో ఆఫీసులో నమ్ము. అన్నం దగ్గర కాదు."

ఇక్కడొక చిన్న విషయం చెప్పాలి. నివేదికల్లో దానికి చోటు లేదు కాబట్టి ఇక్కడే చెప్పేయాలి. పది రోజుల్లో ఆయన భార్య ఆ పొయ్యిని లొంగదీసుకుంది. కుట్టుపని చేసే మనిషి కదా, కొలతలు రాసుకోవడం అలవాటు. జాకెట్ల కొలతలు రాసే పుస్తకంలోనే వెనక పేజీల నుంచి పాలు ఎంత మీద, అన్నం ఎంతసేపు, గుడ్లు ఎప్పుడు కట్టేయాలి అని అంకెలతో రాసుకుంది. వంటిల్లు చల్లబడింది. మెడ మీద ప్రతి వేసవికీ వచ్చే చెమటకాయలు ఈసారి రాలేదు. "మంచి వస్తువేనండీ, కాస్త దాని మాట వినాలంతే," అంది ఒకరోజు. సూపరింటెండెంటు గారు ఆ వాక్యాన్ని మర్నాడు ఆఫీసులో తన వాక్యంగా వాడుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పటి నుంచి సందేహాలు రావడం మొదలైంది. టైపిస్టుకు పాలు పొంగిపోతున్నాయి. క్యాషియరు గారింట్లో అన్నం అడుగంటుతోంది. అడిగిందే తడవుగా జవాబు చెప్పడం అధికారి లక్షణం కాదు గనక, ఆయన అన్నీ కాగితం మీద రాయించుకుని ఇంటికి తెచ్చేవారు. భార్య ఉల్లిపాయలు తరుగుతూ చెప్పేది.

"పాలు పొంగే ముందు చప్పుడు మారుతుందండీ. బుస్సుమనేది కాస్తా మెత్తబడుతుంది. అప్పుడు ఆరొందల వాట్ల నుంచి రెండొందలకి దించెయ్యమనండి. అన్నమంటారా, ఉడుకు పట్టగానే తగ్గించాలి. కట్టేశాక మూత తియ్యకుండా పది నిమిషాలు వదిలెయ్యాలి."

ఆయన శ్రద్ధగా విని, ప్రభుత్వ భాషలోకి దించేవారు. "పాల విషయమై, తగిన సమయమున తగిన స్థాయికి తగ్గించవలెను. అన్నం విషయమై, పరిస్థితులను బట్టి వ్యవహరించవలెను." ఇలాంటివి నూట పన్నెండు చేరాక శాఖ వాటిని పుస్తకంగా అచ్చు వేసింది. పేరు 'నిప్పులేని వంట: ఒక అధికారి అనుభవాలు'. అట్ట మీద ఆయన ఫోటో. చేతిలో గరిటె ఉంది, పట్టుకున్న తీరు మాత్రం కలం పట్టుకున్నట్టు ఉంది. సొమ్మొకడిది సోకొకడిది అని కిట్టనివాళ్లు అనవచ్చు. అనలేదు, ఎందుకంటే సొమ్ము ఎవరిదో ఎవరికీ తెలియదు.

భార్య పుస్తకం తిరగేసింది. "నేను చెప్పిన అంకెలేవండీ ఇందులో?"

"అంకెలు రాస్తే రేపు ఎవరైనా మనల్ని బాధ్యుల్ని చేస్తారు. 'తగిన' అని రాస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు."

ఆమె పుస్తకం మూసి, జాకెట్ చేతులు కుట్టుకోవడానికి కూర్చుంది.

శాఖ వార్షికోత్సవం నాడు బహిరంగ ప్రదర్శన పెట్టారు. వేదిక మీద పది పొయ్యిలు, పది మంది ఉద్యోగుల భార్యలు. ముందు వరసలో వాళ్ల భర్తలు, విశ్రాంతిగా. డైరెక్టరు గారు ప్రసంగించారు: "వంటిల్లంటే నాకు అపారమైన గౌరవం. ముప్పై ఏళ్లుగా దాన్ని దూరం నుంచే గౌరవిస్తూ వస్తున్నాను." తర్వాత సూపరింటెండెంటు గారు మైకు అందుకుని, "అంతరాయం లేని వంట అనే ఈ నవయుగంలో..." అన్నారు. అదే క్షణంలో పది మంది పది మీటలు నొక్కారు. హాలంతా చీకటి.

మధ్యాహ్నమే అయినా తెరలన్నీ వేసి ఉండటంతో ఎవరి చెయ్యి ఎవరికీ కనపడలేదు. సూపరింటెండెంటు గారు మాత్రం ప్రసంగం ఆపలేదు. మైకు పోయినా, వెలుగు పోయినా, నవయుగం గురించి ముప్పై అయిదు నిమిషాలు మాట్లాడారు. ఆ చీకట్లోనే ఆయన భార్య గోడ పట్టుకుని వెనక్కి వెళ్లి, ఫ్యూజు పెట్టె దగ్గర తల పట్టుకు కూర్చున్న ఎలక్ట్రీషియన్‌ని పట్టుకుంది.

"పది పొయ్యిలూ ఒక్క తీగ మీదేనా నాయనా? మూడేసి చొప్పున వేద్దాం. ముందు బంగాళాదుంపలు, తర్వాత అన్నం. గుడ్లు చివర్న పెట్టినా ఆగుతాయి."

"వైర్ల సంగతి మీకెలా తెలుసమ్మా?"

"మా ఇంట్లో పొయ్యి, ఇస్త్రీపెట్టె రెండూ కలిపి వేస్తే చీకటే. అలా నేర్చుకున్నా."

దీపాలు వచ్చాయి, వంటలు అయ్యాయి, రెండు వందల మంది తిన్నారు. డైరెక్టరు గారు చెయ్యి కడుక్కుని, చీకట్లోనూ నోరు ఆపని నాయకత్వం శాఖకు అవసరమని ప్రకటించి, సూపరింటెండెంటు గారికి అక్కడికక్కడే నోడల్ అధికారి ఉత్తర్వులు ఇచ్చారు. సహకరించిన గృహిణులకు శాఖ ముద్ర వేసిన జ్ఞాపికలు ఇచ్చారు. అవి అల్యూమినియం గిన్నెలు. ఆయన భార్య దాన్ని తిరగేసి, బోర్లేసి చూసి, ఇంటికి తెచ్చి అందులో దారపు ఉండలు వేసుకుంది.

ఆ రోజు పొయ్యిలు సరఫరా చేసిన దుకాణం యజమాని ఫ్యూజు పెట్టె దగ్గర జరిగిందంతా చూశాడు. రెండు రోజుల తర్వాత ఇంటికి వచ్చాడు.

"అమ్మా, మా దగ్గర కొన్నవాళ్లు వారం తిరక్కుండా పొయ్యి వెనక్కి తెస్తున్నారు. పుస్తకం ఇచ్చినా లాభం లేదు. శనివారాలు దుకాణానికొచ్చి నాలుగు ముక్కలు చెప్తారా? ఊరికే వద్దులెండి, జీతమిస్తాను."

"వస్తాను," అంది ఆమె. ఎవరినీ అడగకుండా అంది. అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది.

సూపరింటెండెంటు గారు సాయంత్రం ఈ సంగతి విన్నారు. "మరి శనివారం ఇంట్లో వంట?"

"ఇంట్లో నోడల్ అధికారి ఉన్నారు కదండీ."

ఆ మాటలో వెటకారం ఏమైనా ఉందేమోనని ఆయన వెతికారు. లేదు. నిజంగానే నమ్మి అన్నట్టుంది. ఆయనకు అదే ఎక్కువ భయం వేసింది.

శనివారం ఆమె బియ్యం కడిగి, నీళ్లు కొలిచి పోసి, గిన్నె పొయ్యి మీద పెట్టి, "మీట నొక్కితే చాలు," అని చెప్పి, పిల్లలిద్దరినీ సాయానికి తీసుకుని వెళ్లింది. పన్నెండింటికి ఆయన వంటింట్లో ప్రవేశించారు. ముందుగా, శుభ్రత ముఖ్యం గనక, పొయ్యి మొహాన్ని గుడ్డతో గట్టిగా తుడిచారు. ఆ తుడవడంలో పిల్లలు ముట్టుకోకుండా ఉండే తాళం పడింది. మీట నొక్కితే 'ఎల్' అనే అక్షరం వచ్చింది. 'ఎల్' అంటే లోడింగ్ అని ఆయన గ్రహించారు. ఆఫీసు కంప్యూటరుతో పదేళ్ల సావాసం. లోడింగ్ అంటే ఏం చేయాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కుర్చీ తెచ్చుకుని నలభై నిమిషాలు కూర్చున్నారు.

"అన్నం అయిందా రా?" అంది తల్లి గదిలోంచి.

"ప్రక్రియలో ఉందమ్మా."

ఒంటిగంటకు తన పుస్తకం తీశారు. "పొయ్యి పనిచేయని పక్షంలో తగిన చర్య తీసుకోవలెను" అని ఉంది. తగిన చర్య అంటే ఏమిటో ఆయన పుస్తకమంతా వెతికారు. ఎక్కడా లేదు. ఎవడ్రా ఇది రాసింది అని ఆయనకు ఒళ్లు మండింది. అట్ట తిప్పితే తన ఫోటో కనిపించింది. దాని కింద, నోడల్ అధికారి అయ్యాక అంటించిన చీటీ మీద, సహాయ కేంద్రం నంబరు ఉంది. కడుపులో ఎలుకలు పరుగెడుతుంటే ఆ నంబరుకు ఫోన్ చేశారు.

"నమస్కారం. స్వచ్ఛ వంట సహాయ కేంద్రానికి స్వాగతం. మీ ఆకలి మాకు ముఖ్యం. దయచేసి వేచి ఉండండి," అంది ఒక గంభీరమైన గొంతు. అది ఆయన గొంతే. గడిచిన మంగళవారమే రికార్డు చేయించారు. ఫోను, శనివారం సెలవు కాబట్టి, తాళం వేసిన ఆయన గదిలో మోగుతోంది.

తల్లి గుమ్మం దగ్గరకు వచ్చింది. "ఎవర్రా అంత మర్యాదగా మాట్లాడుతున్నాడు?"

"అధికారి, అమ్మా."

"వస్తాడా మరి?"

ఆయన మళ్లీ నంబరు నొక్కారు. పదకొండు సార్లు ఫోన్ చేశారు. రెండింటికి తల్లీ కొడుకులు ఎదురెదురుగా కూర్చుని బ్రెడ్డు ముక్కలు, అరటిపళ్లు తిన్నారు. "నీ పెళ్లాం పొద్దున్నే లేచి ఎంత పని చేస్తుందో ఇప్పుడు తెలుస్తోంది," అంది తల్లి తొక్క ఒలుస్తూ. ఆయనకూ అలాంటిదే ఏదో గొంతు దాకా వచ్చింది. బ్రెడ్డుతో పాటు మింగేశారు.

నాలుగింటికి భార్య వచ్చింది. పొయ్యిని ఒకసారి చూసి, ఒక మీటను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంది. 'ఎల్' పోయింది. ఇరవై నిమిషాల్లో అన్నం అయింది. "ముప్పై మంది వచ్చారండీ!" అంది. ఆమె మొహం అంత వెలుగుగా ఉండటం ఆయన ఈ మధ్య చూడలేదు.

"నా పుస్తకం గురించి ఎవరైనా మాట్లాడారా?"

"ఆఁ, అందరి ఇళ్లలోనూ ఉందట. వేడి గిన్నెల కింద పెట్టుకుంటున్నారట. గట్టి అట్ట కదా, బాగా ఆగుతోందన్నారు."

సోమవారం నోడల్ అధికారి గారు ఏసీ గదిలో కూర్చుని వారం నివేదిక తెప్పించుకున్నారు. శనివారం డ్యూటీలో ఉన్న వాచ్‌మన్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సార్, మొన్న మీ గదిలో ఫోను ఒకటే మోగిందండీ. పాపం ఎవరో బాగా ఆకలి మీద ఉన్నట్టున్నారు."

"ఎవరైనా ఎత్తారా?"

"తాళం వేసుంది కదండీ."

"అయితే అది ఫిర్యాదు కిందికి రాదు," అన్నారాయన. గది చల్లగా ఉంది. కలం మూత తీసి, నిండుగా ఊపిరి పీల్చుకుని రాశారు: అందిన ఫిర్యాదులు, లేవు. సంతృప్తి చెందిన కుటుంబాలు, నూటికి నూరు.

ఫిర్యాదు చేయని ప్రతి ఇంటినీ అందులో కలిపారు కాబట్టి, ఆ నూరులో మీ ఇల్లు కూడా ఉంది. అనుమానం ఉన్నవారు తమ ఇంటి వంటగదిలోకి వెళ్లి స్వయంగా విచారించుకోవచ్చు. అది ఎటువైపు ఉందో తెలియకపోతే, ఇంట్లో ఆడవాళ్లెవరైనా దారి చూపిస్తారు.