రేకు పెట్టె కదిలిన సోమవారం

నవంబరు నెల రెండో సోమవారం తెల్లవారుతూనే జలాలుద్దీన్ గారు బందరులో మొదటి బస్సెక్కారు. ఒళ్ళో అట్టపెట్టె, అందులో ముప్పై నాలుగు బందరు లడ్డూలు. దివిసీమలో సముద్రానికి మరీ దగ్గరగా జరిగి కూర్చున్న చినదిబ్బపాలెం ఉన్నత పాఠశాలకు ఆయన హెడ్మాస్టరు. ఆ వేళ పదింటికి బడిలో పేరెంట్స్ మీటింగు. పిల్లల్ని పంపే కుటుంబాలు అరవై ఎనిమిది. అందులో సగం, అంటే ముప్పై నాలుగు కుటుంబాలు వస్తే చాలు. రాకపోతే తొమ్మిది, పది తరగతుల్ని పన్నెండు కిలోమీటర్ల అవతలి బడిలో కలిపేస్తామని మండల విద్యాధికారిణి కనకదుర్గ గారు కాగితం పంపారు. తల్లిదండ్రులకే అక్కర్లేని బడి ప్రభుత్వానికెందుకని అందులోని తాత్పర్యం. లెక్క చూసుకోవడానికి ఆవిడే స్వయంగా వస్తున్నారు.

పోయినసారి మీటింగుకు ఏడుగురు వచ్చారు. అందులో ఇద్దరు టీసీ కోసం వచ్చినవాళ్ళు, ఒకడు తప్పిపోయిన గేదెను వెతుక్కుంటూ వచ్చినవాడు. ఆ గేదె కూడా కాసేపు కూర్చుందని అంటారు గాని, రిజిస్టరులో సంతకం లేదు.

ఈసారి అలా జరక్కూడదని జలాలుద్దీన్ గారు వారం ముందే నోటీసు బోర్డు మీద గుండ్రటి అక్షరాలతో రాసి అంటించారు. సోమవారం పేరెంట్స్ మీటింగు, బుధవారం ఆటల పోటీలు, శుక్రవారం సైన్సు ప్రదర్శన, శనివారం ఊరందరికీ కంటి పరీక్షల శిబిరం. తరగతులు తరలిపోయే సంగతి కూడా కింద ఎర్ర సిరాతో రాశారు. ఆ కాగితాన్ని మర్నాడే మేక తినేసింది. బడిలో జరగబోయే కార్యక్రమాలు ఊరు మొత్తమ్మీద తెలిసినది ఆ మేక ఒక్కదానికే.

అందుకని బస్సు దిగుతూనే ఆయన ఏసుబాబును పిలిపించారు. ఏసుబాబుకు సైకిలు, సైకిలు వెనక మైకు, మైకుకు సైరను ఉన్నాయి. ఆ మైకు ఏదో తుఫానప్పుడు ప్రభుత్వం వారు ఇచ్చినది. మీట నొక్కితే ముందు సైరను మోగాలి, ఆ తరవాతే మనిషి గొంతు రావాలి. దాని కట్టడి అది.

"ఏసుబాబూ, ఈ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదవాలి. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తీయొద్దు" అన్నారు జలాలుద్దీన్ గారు.

"నాకు చెప్పాలా మాస్టారూ! ఇరవై ఏళ్ళ సర్వీసు నాది" అని ఏసుబాబు కాగితం జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు.

మొదటి సందు మొగలో కాగితం తీశాడు. అక్షరాలు చీమల బారులా కదిలాయి. అతని కళ్ళజోడు మీద మొన్న వాళ్ళావిడ కూర్చుంది. కొత్త జోడు కంటి శిబిరంలో ఉచితంగా ఇస్తారు. ఆ శిబిరం శనివారం. ఇదేమో సోమవారం. వెనక్కి వెళ్ళి చదవలేనని చెబితే ఇరవై ఏళ్ళ సర్వీసు ఏమైపోవాలి? బడికి రమ్మని పిలవడమే కదా అనుకున్నాడు. జనాన్ని బడికి పిలవడం అతనికి కంఠతా వచ్చు.

సైరను మోగింది. "చినదిబ్బపాలెం గ్రామ ప్రజలకు ముఖ్య గమనిక! అందరూ పిల్లాపాపలతో వెంటనే స్కూలు బిల్డింగుకు రావాలి. ఆధార్ కార్డు, రేషన్ కార్డు వెంట తెచ్చుకోవాలి. ముసలివాళ్ళను వదిలిపెట్టి రావద్దు. భోజనాలు అక్కడే. ఎవరూ భయపడవద్దు!"

తుఫాను అన్న మాట తన నోటి వెంట రాలేదని ఏసుబాబు ఆ తరవాత ఎంతమంది దగ్గరో ప్రమాణం చేశాడు. అది నిజమే. ఆ మాట ఎప్పుడూ రాదు. ఆ ఊళ్ళో రెండంతస్తుల పక్కా భవనం బడి ఒక్కటే కనుక, సైరను మోగించి అక్కడికి రమ్మన్నారంటే ఎందుకో పుట్టినవాడికల్లా తెలుసు.

వీరదుర్గ అప్పుడు అరుగు మీద కూర్చుని చేపలు కడుగుతోంది. డెబ్బై ఏడు ఉప్పెన నాటికి పన్నెండేళ్ళ పిల్ల ఆవిడ, ఇప్పుడు అరవై దాటింది. ఎదురింటి అంకమ్మరావు బోటు యజమాని. వల భుజాన వేసుకుని ఆకాశంలోకి చూశాడు.

"పిన్నీ, మబ్బు తునక లేదు. పళ్ళెం కడిగి బోర్లించినట్టుంది. ఈ ఏసుబాబుగాడికి మతి పోయిందా ఏంటి?"

"ఉప్పెనకి ముందురోజు మా అమ్మ చేపలు ఎండేసింది రా" అంది వీరదుర్గ. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి రేకు పెట్టె లాగింది. ఇంటి పట్టా, పెళ్ళిచీర, మనవరాలి పుట్టిన తేదీ కాగితం అన్నీ అందులోనే ఉంటాయి. పెట్టె నెత్తిన పెట్టుకుంది. కోడిపెట్టను చంకలో పెట్టుకుంది. బడి వైపు నడిచింది.

చినదిబ్బపాలెంలో వాతావరణం చెప్పేది టీవీ కాదు, వీరదుర్గ రేకు పెట్టె. అది గుమ్మం దాటాక ఇంకెవరూ ఆకాశం వైపు చూడరు. పావుగంటలో ఊరంతా తాళాలు వేసింది. సముద్రంలో ఉన్న బోట్లకు ఫోన్లు వెళ్ళాయి. వెనక్కి తిరిగిన బోట్లను చూసి పక్క పాలెం వాళ్ళు తమ బోట్లను తిప్పుకున్నారు. పక్క పాలెం ప్రెసిడెంటు మండలాఫీసులో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు భుజంగరావుకు ఫోన్ చేశాడు.

"తుఫానంటగా? మాకెవరూ చెప్పలేదేంటండీ?"

భుజంగరావుకు కూడా ఎవరూ చెప్పలేదు. కానీ తెలియదని ఒప్పుకునే అలవాటు ఆయనకు లేదు. "మా దగ్గర సమాచారం ఉందండి. ఏర్పాట్లు జరుగుతున్నాయి" అనేశాడు. అన్నాక ఏర్పాట్లు జరగాలి కనుక మూడు వందల పులిహోర పొట్లాలకు ఆర్డరు ఇచ్చాడు. పైవాళ్ళకు చెప్పాడు. పైవాళ్ళు ఆ పైవాళ్ళకు చెప్పారు. చినదిబ్బపాలెంలో ఆ పూట ఆకు కదల్లేదు. ఆ గాలే అవనిగడ్డ చేరేసరికి గంటకు అరవై కిలోమీటర్లయింది. చల్లపల్లిలో తొంభై. బందరు వెళ్ళేసరికి నూట ఇరవై దాటి, పెనుగాలుల కింద లెక్కకు వచ్చింది.

బడి గేటు దగ్గర జలాలుద్దీన్ గారు నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఒకటి కాదు, రెండు కాదు, సందుల నిండా జనం. తల్లులు, తండ్రులు, తాతలు, మంచంతో సహా మోసుకొస్తున్న ఒక ముత్తాత. మూటలు, మేకలు, గ్యాసుబండలు. చదువంటే ఈ ఊరికి ఇంత ప్రాణమని ఆరేళ్ళుగా తను గ్రహించలేకపోయినందుకు ఆయన సిగ్గుపడ్డారు.

"రండమ్మా రండి! ఇలా సంతకాలు పెట్టండి" అన్నారు.

పెట్టమని రెండోసారి చెప్పక్కర్లేకపోయింది. తుఫాను తరవాత బియ్యం ఇచ్చేది ఆ జాబితా చూసే కదా. అంకమ్మరావు తన పేరు, భార్య పేరు, కొడుకు పేరు రాసి, "మా బావమరిది ఒంగోలులో ఉన్నాడు, రాసెయ్యనా మాస్టారూ?" అని అడిగాడు. లడ్డూలు ముందు సగం చేసి, తరవాత పావు చేసి, చివరికి చిటికెడు చొప్పున పంచారు.

అప్పుడు బందరు నుంచి ఆయన భార్య బషీరా ఫోన్ చేసింది.

"ఏవండీ, ఎక్కడున్నారు? మేడ మీదికెక్కారా? ఇక్కడందరూ ఒకటే అనుకుంటున్నారు, నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు!"

"దేని గురించి?"

"తుఫానండీ!"

"తుఫానా? ఎక్కడ?"

"మీ నెత్తి మీదేనట!"

జలాలుద్దీన్ గారు పైకి చూశారు. నెత్తి మీద ఒక కాకి వెళ్తోంది, అది కూడా తీరిగ్గా. ఆయన మూటల వైపు, మేకల వైపు, గ్యాసుబండల వైపు మళ్ళీ చూశారు. అప్పుడే తిరిగొచ్చిన ఏసుబాబు చేతిలో మైకు లాక్కున్నారు.

సైరను మోగింది. అది మోగగానే జనం ఒకరినొకరు దగ్గరికి లాక్కున్నారు.

"అయ్యా, అమ్మా! తుఫాను లేదు! ఏమీ లేదు! ఎవరూ భయపడొద్దు!"

జనం ముఖాలు పాలిపోయాయి. "పోయినసారి కూడా ఈ మాటే అన్నారు. సాయంత్రానికి మా ఇంటి కప్పు ఎగిరిపోయింది" అన్నాడు అంకమ్మరావు.

"నిజంగా లేదయ్యా!"

"మాస్టారి గొంతు వణుకుతోంది. ఇది పెద్దదే" అంది ఎవరో తల్లి, పిల్లాణ్ణి మేడ మీదికి తోస్తూ. అంతలో పులిహోర పొట్లాల ఆటో, దాని వెనకే బైకు మీద భుజంగరావు వచ్చారు. ఉన్న కాస్త అనుమానం కూడా పోయింది. మేడ మీద చోటు కోసం తోపులాట మొదలైంది.

సరిగ్గా పదింటికి కనకదుర్గ గారి కారు ఆగింది. ఆవిడ దిగి, వరండాల్లో, మెట్ల మీద, మేడ మీద కిక్కిరిసిన జనాన్ని చూసి కారు తలుపు వెయ్యడం కూడా మరిచిపోయారు. ఆ తరవాత రిజిస్టరు తిప్పారు.

"అరవై ఎనిమిదికి అరవై ఎనిమిది! జలాలుద్దీన్ గారూ, జిల్లాలో ఇలాంటిది చూడలేదండీ. ఏం మంత్రం వేశారు?" అని పెన్ను మూత తీశారు.

ఆ సంతకం పడితే బడి నిలుస్తుంది. జలాలుద్దీన్ గారు నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. ఆయన నోరు మూసుకున్నారు కూడా. కానీ ముప్పై ఏళ్ళుగా కాపీ కొట్టేవాళ్ళను బయటికి పంపిన మనిషి, ఎంతసేపు మూసుకుంటారు?

"మేడం, వీళ్ళు మీటింగుకు రాలేదండీ. తుఫానుకు వచ్చారు" అని జరిగిందంతా చెప్పేశారు.

కనకదుర్గ గారు పెన్ను మూత మళ్ళీ పెట్టేశారు. "అయితే వీళ్ళను లెక్కెయ్యలేనండి. ముందు నిజం చెప్పండి. విన్నాక కూడా ఎంతమంది మిగిలితే అంతమందిని రాసుకుంటాను."

"చెప్పానండీ. నమ్మట్లేదు."

నమ్మించింది వీరదుర్గే. వరండాలో పెట్టె పక్కన కూర్చున్న ఆవిడ చాలాసేపటి నుంచి ఒక్కచోటికే చూస్తోంది. భుజంగరావు తన కొత్త బైకును కొబ్బరిచెట్టు కింద నిలబెట్టి, బోండం తాగుతున్నాడు.

"ఒరే అంకమ్మరావూ, లే. తుఫానూ లేదు, గిఫానూ లేదు. తుఫానొచ్చే రోజున కొత్త బండిని కొబ్బరిచెట్టు కింద పెట్టే ఆఫీసరు పుట్టలేదు" అంది.

ఊరంతా ఒక్కసారి భుజంగరావు బైకు వంక చూసింది. భుజంగరావు కూడా చూసుకున్నాడు. ఇంక సాక్ష్యం అక్కర్లేదు. మూటలు లేచాయి, మేకలు లేచాయి, ముత్తాత మంచం లేచింది. ఏసుబాబును తిట్టేవాళ్ళు తిడుతూ, పులిహోర తీసుకునేవాళ్ళు రెండేసి పొట్లాలు తీసుకుంటూ గేటు వైపు నడిచారు. జలాలుద్దీన్ గారు ఖాళీ అట్టపెట్టె పట్టుకుని గేటు పక్కన నిలబడ్డారు. తొమ్మిది, పది తరగతులు కాళ్ళతో నడిచి వెళ్ళిపోతున్నట్టే ఉంది ఆయనకు.

వీరదుర్గ పెట్టె నెత్తిన పెట్టుకుని ఆయన ముందు ఆగింది. "తుఫాను రాలేదని అంత దిగులుగా ఉన్నారేం మాస్టారూ?"

"తుఫాను కాదమ్మా. మీరంతా వెళ్ళిపోతే తొమ్మిదీ, పదీ ఎత్తేస్తారు. నీ మనవరాలు రేపట్నుంచి పన్నెండు కిలోమీటర్లు వెళ్ళి చదువుకోవాలి."

"ఎవరు చెప్పారు?"

"వారం క్రితమే బోర్డు మీద రాశానమ్మా, ఎర్ర సిరాతో."

"బోర్డు మీద రాస్తే మేకకి తెలుస్తుంది. మాకెట్టా తెలుస్తుంది?"

ఆవిడ వెనక్కి తిరిగింది. పెట్టెను వరండా నడిమధ్య ధనామని దించి, దాని మీద కూర్చుంది. కోడిపెట్టను పక్కన కూర్చోబెట్టింది.

గేటు బయటికి వెళ్ళినవాళ్ళు ఆ చప్పుడు విని ఆగారు. వీరదుర్గ పెట్టె దిగిన చోటు నుంచి ఊరు కదలడం అంతకు ముందెన్నడూ లేదు. మూటలు వెనక్కి తిరిగాయి. మంచం వెనక్కి వచ్చింది. అంకమ్మరావు వల భుజం మార్చుకుని, "ఏంటి పిన్నీ, వస్తందా మళ్ళీ?" అని అడుగుతూ వచ్చి, సంగతి విని, పదో తరగతి గదిలోకి వెళ్ళి కొడుకు పక్కన బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నాడు. వాడి లెక్కల నోటుపుస్తకం తెరిచాడు. తుఫానే వచ్చి ఉంటే బాగుండేదని ఆ కొడుకు ఒక్కడే అనుకున్నాడు.

కనకదుర్గ గారు గదిగదికీ తిరిగి మనుషుల్ని లెక్కపెట్టారు. అరవై ఆరు కుటుంబాలు. వెనక్కి రాని రెండు కుటుంబాలూ పులిహోర పొట్లాలతో ముందే వెళ్ళిపోయినవి. ఆవిడ సంతకం పెట్టి, వీరదుర్గ దగ్గరికి వచ్చారు.

"తుఫాను లేదని నువ్వే చెప్పావు గదమ్మా. మళ్ళీ ఎందుకు కూర్చున్నావు?"

"ఈ బళ్ళో పదకొండు తుఫాన్లు గడిపానమ్మా. నువ్వు పన్నెండోదానివి. దాటిపోయేదాకా కదలను" అంది వీరదుర్గ. కనకదుర్గ గారు నవ్వారు. దాటిపోయేముందు ఒక పులిహోర పొట్లం కూడా తీసుకున్నారు.

శనివారం శిబిరంలో ఏసుబాబుకు కళ్ళజోడు వచ్చింది. సరిగ్గా పది రోజులకు బంగాళాఖాతంలో నిజంగానే వాయుగుండం పడింది. ఏసుబాబు సైరను మోగించి, ఆఫీసు నుంచి వచ్చిన కాగితాన్ని అక్షరం పొల్లుపోకుండా చదువుకుంటూ బయల్దేరాడు. అంకమ్మరావు వల బాగుచేసుకుంటూ తల ఎత్తాడు. ఎదురింట్లో రేకు పెట్టె మంచం కింద నుంచి జరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఒరే ఏసుబాబూ! ఉత్త తుఫానేనా, మీటింగు కూడా ఉందా?"