పెన్సిలిన్ పడకపోవడమనే భాగ్యం

పాఠక మహాశయులారా! ఒంటికి పెన్సిలిన్ పడకపోవడం దురదృష్టమని ఎవరన్నారు? అది పూర్వజన్మ సుకృతం!

న్యుమోనియాకూ, చీము పట్టిన గాయానికీ ఆ మందు సంజీవనే. ఎవరు కాదంటారు? కానీ తుంగభద్ర కాలువ కింద వలస రైతులు వేసుకున్న క్యాంపుల్లో దాని కీర్తి అక్కడితో ఆగలేదు. జలుబుకు పెన్సిలిన్. నడుంనొప్పికి పెన్సిలిన్. తేలు కుట్టిందేమోనని భయపడినా పెన్సిలినే! కవితాళ నుంచి సైకిలు మీద వచ్చే జయరామయ్య డాక్టరు సూదులు మరిగించేలోపే జనం చొక్కా చేతులూ, రవిక చేతులూ పైకి మడిచి వరస కట్టేవారు. రోగి నోరు విప్పకముందే సూది దిగేది. ఎంత కాలం ఆదా!

ఆ వరసలో సీతారావమ్మ ఉండేది. నాట్లలో వంగితే లేవలేదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఈ ఏడు దాటనని లోలోపల నిశ్చయించుకుంది. వారం వారం సూది పడుతూనే ఉంది, ఆయాసం పెరుగుతూనే ఉంది. సూదులు చాలడం లేదని క్యాంపంతా తీర్పు చెప్పింది.

అంతలో పక్కింటి హనుమాయమ్మను భాగ్యం వరించింది. సూది పడగానే ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, గొంతు పూడుకుపోయింది. డాక్టరు విరుగుడు మందు ఎక్కించి ప్రాణం నిలిపాడు. ఆమెకూ అదే ఆయాసం. మళ్లీ సూది వేసే ధైర్యం లేదు గనుక, చేతికి పనిలేక ఆయన నోటికి పని చెప్పాడు. కనురెప్ప కిందికి లాగి చూశాడు. చెప్పుల్లేకుండా బురదలో దిగుతావా అని అడిగాడు. అరికాళ్ల గుండా ఎక్కిన పురుగులు కడుపులో చేరి నెత్తురు తాగుతున్నాయని తేల్చి, ఆ పురుగులు పడిపోయే మందూ, రక్తం పట్టే మాత్రలూ ఇచ్చాడు. తరువాతి నాట్లలో హనుమాయమ్మే అందరికన్నా ముందు!

కార్యకారణ సంబంధం సీతారావమ్మకు విశదమైంది. పడినవాళ్లకు సూది, పడనివాళ్లకు వైద్యం.

“నాకూ పడదండీ,” అంది ఆ వారం.

“పోయిన వారం గూడ ఏస్కున్నవు గద?”

“అప్పట్నించేనండీ.”

“దద్దుర్లేవి మల్ల?”

“హనుమాయమ్మక్కయ్యవి మీరు చూశారు గదండీ. అచ్చం అలాంటివే.”

ఆ పూట గుర్తుకొచ్చి డాక్టరు సూది పళ్లెంలో పెట్టేశాడు. “సరే, ఏం తక్లీఫ్ ఉంది, జెప్పమ్మా.”

ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఏ వైద్యుడూ అడగలేదు. వెనక వరసలో పైకి మడిచిన చొక్కా చేతులూ, రవిక చేతులూ ఒక్కొక్కటే కిందికి దిగాయి.

“ముందు మీరు కూర్చోండి డాక్టరు గారూ,” అంది సీతారావమ్మ. “చాలా ఉంది.”