తెల్లగా కడిగిన దర్బారు పాటలు

ఒక పెద్ద అడవిలో సింహంగారి దర్బారు పాటలన్నీ తాటాకుల మీద ఉండేవి. మూడొందల పన్నెండు కట్టలు, ఒక గుహ నిండా. వాటికి కాపలా ఎలుగుబంటి గురవయ్య. కాపలా అంటే ఊరికే కూర్చోవడం కాదండోయ్. తాటాకు మీద రాతంటే గంటంతో గీసిన గీత. మసీ నూనే కలిపి రుద్దితేనే అది కంటికి ఆనుతుంది. అసలే నల్లటి గురవయ్య చేతులు, రుద్దీ రుద్దీ ఇంకా నల్లబడ్డాయి.

ఏడో కట్టలో వాళ్ళ తాత కట్టిన పట్టాభిషేకం పాట ఉంది. మూడు చరణాలు. ఆఖరి చరణం ఆఖరి మాటకు కొత్త రాజు కుడికాలు బండ మీద మోపాలి, అప్పుడే రాజు. మొదటి రెండు చరణాలూ గురవయ్యకు నోటికి వచ్చు. మూడోది వయసుతోపాటు జారిపోయింది. ఆకులో ఉంది గదా అని ధీమా.

ఇంతలో పక్క అడవి పులి తన పాటలన్నీ ఫోటోలు తీయించి కంప్యూటర్లో పెట్టించిందని కబురొచ్చింది. సింహంగారు ఊరుకుంటారా? తనూ ఒక శాఖ పెట్టి, కొంగ శ్వేతాంబరం గారిని అధికారిగా వేశారు. ఆయనకు పాట రాదు, తాటాకు చదవడం రాదు. ఒంటి మీద మాత్రం మరక లేదు.

మొదటిరోజే ఆయన ఒక ఆకు తీసి, "ఏమిటయ్యా ఈ మురికి? ఫోటోలో ఏం బాగుంటుంది? అన్నీ కడిగించు" అన్నారు.

"అయ్యా, అది మురికి కాదండి. మసి పోతే అక్షరం కనపడదు."

"అభ్యంతరం ఉంటే రాసివ్వు."

గురవయ్య ఇంకో తాటాకు మీద అభ్యంతరం గీసి, మసి రుద్ది ఇచ్చాడు. దాన్నీ కడిగారు. ఏమీ కనపడలేదు గనక అభ్యంతరం లేదని ఫైల్లో రాసుకున్నారు.

బాతులు కడిగాయి, కోతి ఫోటోలు తీసింది. జాబితా తయారైంది. "ఏడో కట్ట. ఆకులు ఇరవై. శుభ్రం. విషయం లేదు." మిగతా కట్టలూ అంతే. ఖాళీ ఆకులకు గుహ ఎందుకని పారవేత సంఘం వేశారు. అధ్యక్షుడు మేకపోతు అప్పలకొండ. సంఘం రోజూ రెండుపూటలా సమావేశమయ్యేది. మసి చేతులవాళ్ళకు ప్రవేశం లేదని గుహ ముందు బోర్డు పెట్టారు. గురవయ్య ఆ బోర్డు పక్కనే కూర్చుని లోపలి నమిలే చప్పుడు వినేవాడు.

నెల తిరక్కుండా పెద్ద సింహంగారు కాలం చేశారు. యువరాజు పట్టాభిషేకానికి అడవంతా చేరింది. గురవయ్య రెండు చరణాలు పాడి ఆగాడు. తెర మీద ఏడో కట్ట వేశారు. ఇరవై తెల్లటి ఆకులు.

"పాటేదీ?" అన్నాడు యువరాజు.

"ఒక్క మరక చూపించండి స్వామీ" అన్నారు శ్వేతాంబరం గారు.

ముందువరసలో అప్పలకొండ సంఘానికి మిగిలిన ఆఖరి ఆకు నములుతున్నాడు. గురవయ్య ఒక్క దూకు దూకి దాన్ని నోట్లోంచి లాగాడు. చొంగ తుడిచి, అరచేతి మసి రుద్దాడు. తాతగారి రాత ఒక్కో అక్షరమే లేచి వచ్చింది. మూడో చరణమే. పాట అందుకున్నాడు. యువరాజు కుడికాలు ఎత్తాడు. సరిగ్గా ఆఖరి మాట దగ్గర ఆకు లేదు, పంటిగాటు ఉంది.

"ఆ మాటేమిటిరా అప్పలకొండా?" అన్నాడు గురవయ్య.

"కొంచెం చేదుగా ఉంది మామా" అన్నాడు అప్పలకొండ.

జాబితాకెక్కిన ఆకుకు మరక చేసినందుకు గురవయ్యను కొలువులోంచి తీసేశారు. యువరాజు ఇప్పటికీ కాలెత్తుకునే ఉన్నాడు. ఒంటికాలి మీద నిలబడడంలో ఆయనకు శ్వేతాంబరం గారే శిక్షణ ఇస్తున్నారు.

నీతి: పాటలు పదిలంగా ఉండాలంటే పాట రానివాళ్ళకే అప్పగించాలి, పాడి అరగదీస్తారన్న భయం ఉండదు.